పంటు దాటి వచ్చిన రక్తం: కిడ్నీ, విషాలు, మైక్రోఆర్‌ఎన్‌ఏ - అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మా పెదనాన్న గారి కొబ్బరి తోటలో భోజనాలయ్యాక నరసాపురం బావ ఫోన్ చూపించాడు. "ఆయ్, కిడ్నీ పాడవకముందే చెప్పేసే టెస్టు వచ్చిందంటగా. మైక్రోఆర్‌ఎన్‌ఏ అంట. మీ ల్యాబులో చేస్తారా?" నేను ఏళ్ళుగా చదువుతున్నది, చేస్తున్నది ఆ పనే. అయినా ఇప్పటిదాకా ఒక్క పేషెంటుకి కూడా ఆ టెస్టు రిపోర్టు ఇవ్వలేదు. ఎందుకో చెప్పేలోపు బావ చాప మీద కునుకు తీశాడు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్రియాటినిన్ నార్మల్‌గా ఉంటే కిడ్నీకి ఏమీ కానట్టే

కాలువ లెక్కలో చెప్తాను. ఎగువన గట్టుకి గండి పడితే శివారు పొలానికి ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? నీళ్ళు రావడం తగ్గి, మడి ఎండడం మొదలయ్యాక. క్రియాటినిన్ ఆ శివారు రైతు లాంటిది. కండరాల్లో పుట్టే వ్యర్థం అది. కిడ్నీ వడపోత మందగిస్తే రక్తంలో మెల్లగా పోగవుతుంది. దెబ్బ తగిలాక అంకె పైకి లేవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వడపోత దాదాపు సగానికి పడిపోయినా అంకె నార్మల్ గీత దాటని వాళ్ళున్నారు. కండ లేని ముసలావిడ రిపోర్టులో 1.0 చూసి నిశ్చింతగా ఉండలేం.

మైక్రోఆర్‌ఎన్‌ఏ గండి దగ్గర కొట్టుకొచ్చే మట్టి. సుమారు 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. ప్రోటీన్‌ని తయారు చెయ్యదు, ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో అదుపు చేస్తుంది. 1993లో ఒక చిన్న నులిపురుగులో దీన్ని మొదట కనిపెట్టారు. ఆ పనికి విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు, కాడ్మియం అనే లోహం లాంటివి కిడ్నీలోని సన్నని గొట్టాల గోడ కణాలను దెబ్బతీస్తాయి. అప్పుడు ఆ కణాల్లోని మైక్రోఆర్‌ఎన్‌ఏలు మూత్రంలోకి జారతాయి. మామూలు ఆర్‌ఎన్‌ఏ అయితే మూత్రంలో నిమిషాల్లో ముక్కలైపోతుంది. ఇవి ప్రోటీన్‌కి అతుక్కునో, చిన్న కొవ్వు సంచుల్లో దాక్కునో వస్తాయి కాబట్టి నిలబడతాయి. అందుకే మాకు వీటి మీద ఇంత ఆశ.

అపోహ: పీసీఆర్ మెషిన్ ఉంటే చాలు, ఎక్కడైనా చేసెయ్యొచ్చు

కరోనా రోజుల్లో అందరికీ తెలిసిన ఆర్‌టీపీసీఆర్ పద్ధతే దీనికీ వాడతాం. కానీ కరోనా టెస్టులో ముఖ్యమైన ప్రశ్న వైరస్ ఉందా లేదా అని. ఇక్కడ ఎంత ఉంది అన్నదే ప్రశ్న. తేడా మొత్తం అక్కడే ఉంది.

కొన్నేళ్ళ క్రితం పొలాల్లో మందు కొట్టే కూలీల రక్తంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ మార్పులు చూద్దామని చిన్న ప్రయత్నం చేశాం. కూలీల శాంపిళ్ళు సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేవి. థర్మకోల్ పెట్టెలో ఐస్ పెట్టి, పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటించి, నరసాపురం రేవులో దింపి, అక్కడి నుంచి బైకు మీద ల్యాబుకి. పోల్చి చూడటానికి పురుగుమందు ముట్టని వాళ్ళ రక్తం మాత్రం ల్యాబు పక్క వీధిలోనే తీశాం. ఫలితం చూస్తే కళ్ళు చెదిరాయి. రెండు గుంపులకీ పొంతనే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

మర్నాడు మా టెక్నీషియన్ అమ్మాయి మిగిలిన గొట్టాలు వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "సార్, ఇవి చూడండి" అంది. ప్లాస్మా, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం, ఎండుగడ్డి రంగులో ఉండాలి. కూలీల గొట్టాల్లో సగం పలచటి రోజ్‌మిల్క్ రంగులో ఉన్నాయి. మే నెల ఎండ, రేవులో ఆలస్యం, బైకు కుదుపులు. దారిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి. వాటి నిండా మిర్-451, మిర్-16 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. మా లెక్కలో ఎగిరిపడినవాటిలో ముందున్నవి అవే. మేం కనిపెట్టింది పురుగుమందు ప్రభావం కాదు, పంటు ప్రభావం!

తప్పు పంటుది కాదు, నాది. రెండు గుంపుల రక్తాన్నీ ఒకే దారిలో తేవాలన్న ఆలోచన నాకు రాలేదు. అప్పటి నుంచి ప్రతి గొట్టాన్నీ ముందు 414 నానోమీటర్ల వెలుతురులో చూసి, హిమోగ్లోబిన్ జాడ ఉంటే పక్కన పెట్టేస్తాం. ఆకుపచ్చ మూత గొట్టం తీసుకోం, అందులోని హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ఊదా మూతదే వాడతాం. డయాలసిస్ పేషెంట్లకి హెపారిన్ ఒంట్లోకే ఎక్కుతుంది కాబట్టి వాళ్ళ రక్తంతో ఇంకో తలనొప్పి. మూత్రానికి వేరే చిక్కు. నీళ్ళు ఎక్కువ తాగితే పలచన, తక్కువ తాగితే చిక్కన. దేనితో పోల్చి లెక్క కట్టాలో ల్యాబులన్నీ ఇంకా ఒక మాట మీదకి రాలేదు.

అపోహ: మైక్రోఆర్‌ఎన్‌ఏ కిడ్నీ నుంచే వస్తుంది, ఏ విషమో కూడా చెప్పేస్తుంది

రెండూ కాదు. మిర్-192, మిర్-194 కిడ్నీలో బాగా ఉంటాయి, పేగుల్లో, కాలేయంలో కూడా ఉంటాయి. మిర్-21 వాపుకీ పెరుగుతుంది, క్యాన్సర్‌కీ పెరుగుతుంది. ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఇక ఏ విషం అన్నదానికి ఆ విషాన్నే వెతకాలి. పారాక్వాట్ ఉన్న గడ్డి మందు ఒంట్లోకి పోయిందన్న అనుమానం ఉంటే, మూత్రంలో కాస్త క్షారం, సోడియం డైథయోనైట్ కలిపి చూస్తారు. నీలం రంగు తిరిగితే విషం ఉన్నట్టే. కొన్ని రూపాయల పొడి, కొన్ని నిమిషాల పని. నోబెల్ వచ్చిన అణువు ఈ పని చెయ్యలేదు. గడ్డి మందు కేసులో గంటలే లెక్క, ఏ టెస్టు కోసమూ ఆగకుండా డబ్బా పట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

అపోహ: నొప్పి బిళ్ళ కిడ్నీని కొడితే ఇందులో పట్టుబడిపోతుంది

ఊడ్పుల రోజుల్లో నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుని, నీళ్ళు సరిగా తాగకుండా ఎండలో వంగి పని చేసే ఆడవాళ్ళు మా వైపు ఎంతమందో. ఆ బిళ్ళ మొదట చేసేది కణాలను చంపడం కాదు, కిడ్నీకి వచ్చే రక్తాన్ని తగ్గించడం. గట్టు తెగలేదు, లాకు సగం మూశారంతే. మట్టి పెద్దగా కొట్టుకురాదు. అప్పుడు మైక్రోఆర్‌ఎన్‌ఏ ఊరుకున్నా క్రియాటినిన్ పెరగొచ్చు. శివారు రైతు మాట వినాల్సిన రోజులూ ఉంటాయి.

అపోహ: విదేశాల్లో ఈ టెస్టు అందరికీ చేసేస్తున్నారు

లేదు. మందుల వల్ల కిడ్నీకి తగిలే దెబ్బను జంతు పరీక్షల్లో పట్టడానికి 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, యూరప్‌లోని అలాంటి సంస్థ కిమ్-1, క్లస్టరిన్ లాంటి ఏడు మూత్ర గుర్తులను ఒప్పుకున్నాయి. మనుషుల మీద మందుల ట్రయల్స్ కోసం 2018లో ఆరింటి జట్టుకి ఎఫ్‌డీఏ సరే అంది. అవన్నీ ప్రోటీన్లే. మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఆ గడప ఇంకా తొక్కలేదు.

అపోహ: మూత్రం ధారాళంగా వస్తోందిగా, భయమేం లేదు

జెంటామైసిన్ దెబ్బ తిన్న కిడ్నీ చాలాసార్లు మూత్రం బాగానే పోస్తుంది. వచ్చేది నీళ్ళే, బయటికి పోవాల్సినవి లోపలే ఉండిపోతాయి. ఆ ఇంజక్షన్లు నడుస్తుంటే కోర్సు మొదట్లో ఒకసారి, మధ్యలో మళ్ళీ క్రియాటినిన్ చూడాలి. 48 గంటల్లో 0.3 పెరిగినా దెబ్బ కిందే లెక్క, చివరి అంకె నార్మల్‌లో ఉన్నా సరే. పాత రిపోర్టు పారేసిన వాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

బావకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. నిద్ర లేచాక చీటీ మీద రెండే రాసిచ్చాను: క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవి మా నరసాపురంలోనే చేస్తారు కదా" అన్నాడు, కాస్త నిరాశగా.

"చేస్తారు బావా. రేపు పొద్దున్నే వెళ్ళు" అన్నాను.