రిగ్గు రాకముందే నిపుణుల బోర్డు: జియోథర్మల్ ప్రయోగ క్షేత్రాల్లో ఈ పట్టు ఎందుకొచ్చింది?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మిల్ఫర్డ్ అనే చిన్న ఊరి దగ్గర ఫోర్జ్ అనే జియోథర్మల్ (భూగర్భ వేడిని వాడుకునే) ప్రయోగ క్షేత్రం ఉంది. అమెరికా ఇంధన శాఖ 2014లో ఈ పథకం తలపెట్టాక మొదటి వడపోతలో ఐదు చోట్లు నిలిచాయి: కోసో, ఫాలన్, న్యూబెరీ, స్నేక్ రివర్ మైదానం, మిల్ఫర్డ్. 2016కి ఫాలన్, మిల్ఫర్డ్ మిగిలాయి. 2018 జూన్‌లో మిల్ఫర్డ్‌నే ఎంచుకున్నారు, నడిపే బాధ్యత యూటా విశ్వవిద్యాలయానికి ఖాయమైంది. ఐదేళ్లకు 14 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. క్షేత్రం నడిపేవాళ్లే అన్నీ తేల్చుకోకుండా బయటి నిపుణులతో ఒక బృందం కూడా పథకంలోనే ఉంది. దాని పేరు సైన్స్ టెక్నాలజీ అండ్ అనాలిసిస్ టీమ్, పొట్టిగా స్టాట్. ఏ అంశాలపై పరిశోధన ప్రతిపాదనలు పిలవాలో సూచించడం, సాంకేతిక ప్రణాళికలకు దారి చూపడం దాని పని.

సలహా మండలి లేని పరిశోధన సంస్థ ఎక్కడా ఉండదు. చాలాచోట్ల అది ఏడాదికోసారి సమావేశమై, భోజనాలు ముగించి, ప్రగతి బాగుందని రాసి వెళ్లిపోతుంది. జియోథర్మల్ రంగంలో మాత్రం ఆ తంతుతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో చాలా ఖరీదుగా తెలిసొచ్చింది.

మొదట పని తీరు చూద్దాం. లోతున రాయి వేడిగా ఉంటుంది కానీ అందులో నీళ్లుండవు, నీళ్లు పారే దారులూ ఉండవు. ఒక బోరు దించి, ఒత్తిడితో నీళ్లు పంపి రాతిలోని పాత పగుళ్లను తెరుస్తారు. ఇంకో బోరు ఆ పగుళ్లను తాకేలా వేస్తే, ఒకవైపు చల్లనీళ్లు పంపి రెండోవైపు వేడినీళ్లు తీసుకోవచ్చు. ఫోర్జ్ కోరిన రాయి 175 నుంచి 225 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, లోతు ఒకటిన్నర కిలోమీటర్ల నుంచి నాలుగు కిలోమీటర్ల మధ్య ఉండాలి.

దీన్ని మొదట చేసి చూసింది న్యూమెక్సికోలోని ఫెంటన్ హిల్ దగ్గర లాస్ అలమోస్ ప్రయోగశాల. 1970ల చివరికి రెండు బోర్ల మధ్య నీళ్లు తిరిగే చిన్న వలయం ఒకటి నడిచింది. రెండో దశలో మరింత లోతుకు వెళ్లి ఈఈ-2, ఈఈ-3 అనే రెండు బోర్లనూ ముందే వేసేశారు. పగుళ్లు నిలువుగా లేస్తాయని, పైనున్న బోరును అవే తాకుతాయని లెక్క. 1983 డిసెంబరులో ఈఈ-2లోకి దాదాపు 21 వేల ఘనమీటర్ల నీళ్లు పంపారు. పగుళ్లు పక్కబోరు దాకా పోలేదు. రాతిలో అప్పటికే ఉన్న అతుకులు, అక్కడి సహజ ఒత్తిళ్ల దిశ ఎటు లాగితే అటు వెళ్లాయి. ఆఖరికి చిన్న ప్రకంపనల జాడను బట్టి పగుళ్లు ఎక్కడున్నాయో గుర్తించి, 1985లో ఈఈ-3 కింది భాగాన్ని మళ్లీ తవ్వి వాటిలోకి దించారు.

ముందు ఒక బోరు, తర్వాత పగుళ్లు, ఆపై ప్రకంపనల పటం, చివరికి రెండో బోరు అన్న వరుస అక్కడ పుట్టిందే. ఫోర్జ్ దాన్నే పాటించింది. 16ఏ బోరు 2020 అక్టోబరులో మొదలైంది. నిలువు నుంచి 65 డిగ్రీలు వాలి, మొత్తం 10,987 అడుగులు సాగింది. 2022 ఏప్రిల్‌లో దాని కొసన మూడు దశల్లో పగుళ్లు తెరిచారు. వాటి పటం చూశాకే 2023లో దాదాపు 300 అడుగుల ఎడంతో 16బీ వేశారు. ఈ దశల మధ్య ఆగే ప్రతి చోటా ఎవరో ఒకరు ‘ఇప్పుడు ముందుకెళ్లొచ్చు’ అనాలి. సలహా బోర్డుకు అసలు పని ఉండేది ఆ చోట్లే.

ఆ మాట పని చేసేవాళ్లే చెప్పుకుంటే సరిపోదని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నేర్పింది. 1356లో భూకంపంతో దెబ్బతిన్న నగరమది. అక్కడ ఊరి నడుమే ఐదు కిలోమీటర్ల బోరు వేసి, 2006 డిసెంబరు 2న నీళ్లు పంపడం మొదలుపెట్టారు. ఆరు రోజుల్లో పంపింది దాదాపు 11,500 ఘనమీటర్లు. బోరు మూతి దగ్గర ఒత్తిడి 300 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్ల) దాపుకు చేరింది. ట్రాఫిక్ లైట్ పద్ధతి ఉంది: ప్రకంపన ఫలానా తీవ్రత దాటితే తగ్గించాలి, ఇంకా దాటితే ఆపాలి. డిసెంబరు 8న నిజంగానే ఆపారు కూడా. ఆపిన కొన్ని గంటలకు 3.4 తీవ్రతతో భూమి కంపించింది. ఆ తర్వాతి రెండు నెలల్లో 3 దాటినవి మరో మూడు వచ్చాయి. గోడలు బీటలు వారాయి, పరిహారం దరఖాస్తులు వెల్లువెత్తాయి, 2009లో పథకమే రద్దయింది.

పంపు ఆపినంత మాత్రాన రాతిలో ఎక్కిన ఒత్తిడి ఆగదు. అది పగుళ్ల వెంట బయటికి పాకుతూ, అప్పటిదాకా తాకని పెద్ద పగుళ్లను కూడా చేరుతుంది. అందుకే పెద్ద కుదుపు చాలాసార్లు ఆపాకే వస్తుంది. పంపేటప్పుడు చూసుకునే ట్రాఫిక్ లైట్ ఒక్కటే అక్కరకు రాదు. నగరం కింద ఈ ప్రయోగం తగునా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్న లెక్క బోరు వేయకముందే తేలాలి. బాసెల్‌లో పూర్తి స్థాయి ముప్పు అంచనా వచ్చింది 2009లో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

దక్షిణ కొరియాలోని పోహాంగ్ కథ ఇంకా బాధాకరం. 2015లో పీఎక్స్-2 బోరు తవ్వుతున్నప్పుడు 3,800 మీటర్ల దాపుల్లో డ్రిల్లింగ్ మడ్డు (తవ్వేటప్పుడు బోరులోకి పంపే బురద ద్రవం) భారీగా రాతిలోకి ఇంకిపోయింది. ఆ లోతు నుంచి పైకొచ్చిన రాతిపొడిలో, భ్రంశంలో (రాతి పొరలు జారే పెద్ద చీలికలో) నలిగిన మట్టి కనబడింది. చిన్న ప్రకంపనలూ నమోదయ్యాయి. ఈ మూడూ మూడు వేర్వేరు రికార్డుల్లో ఉంటాయి: మడ్డు లెక్క డ్రిల్లర్ దగ్గర, రాతిపొడి భూగర్భ శాస్త్రవేత్త దగ్గర, ప్రకంపనలు భూకంప నిపుణుడి దగ్గర. మూడూ ఒకే బల్లమీద పరిచి చూస్తే బోరు భ్రంశాన్ని దాటిందన్న అనుమానం రాక తప్పదు. 2017 ఏప్రిల్‌లో మూడు దాటిన ప్రకంపన వచ్చాక కూడా ఆగస్టులో మళ్లీ నీళ్లు పంపారు. చివరిసారి పంపిన రెండు నెలలకు, 2017 నవంబరు 15న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. వందమందికి పైగా గాయపడ్డారు, ఎందరో ఇళ్లు వదిలారు. 2019 మార్చిలో, విదేశీ నిపుణుల కమిటీ కూడా ఉన్న ప్రభుత్వ పరిశోధన బృందం, దీనికి నీళ్లు పంపడమే కారణమని తేల్చింది. అంతా కలిపి పంపింది 13 వేల ఘనమీటర్ల లోపే. అలాంటి నిపుణులే నాలుగేళ్ల ముందు ఆ రికార్డులు చూసుంటే కథ వేరేగా ఉండేదనడం అతిశయోక్తి కాదు.

సవ్యంగా నడిచినదీ ఉంది. 2018లో హెల్సింకీ దగ్గర 6.1 కిలోమీటర్ల బోరులోకి 49 రోజుల్లో 18,160 ఘనమీటర్లు పంపారు. పరిమితి 2.1 తీవ్రత, వచ్చిన గరిష్ఠం 1.9. ప్రకంపనలను దాదాపు అప్పటికప్పుడే లెక్కగట్టి, ఒత్తిడి తగ్గిస్తూ, విరామాలిస్తూ నడిపారు. అయితే పారే నీళ్లు చాలక వాణిజ్యంగా అక్కరకు రాలేదు. భద్రత వేరు, లాభం వేరు. బోర్డు ఈ రెంటినీ కలిపి చూడకూడదు.

ఇక బోర్డు కూర్పు. ఏడు నుంచి తొమ్మిది మంది చాలు. రాతి ఒత్తిళ్లు తెలిసినవారు, భూకంప నిపుణులు, రిజర్వాయర్ ఇంజినీరు (లోతు రాతిలో నీళ్ల పారకం చూసేవారు), నీటి రసాయనం చూసేవారు, ముప్పు అంచనా, బీమా తెలిసినవారు. అందరూ మర్చిపోయేది డ్రిల్లర్‌ని. ఫోర్జ్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం డ్రిల్లింగ్ నిపుణులు చేసింది చూడండి. గ్రానైట్‌లో బిట్ (బోరు కొసన రాతిని కోసే పనిముట్టు) అరిగిపోవడాన్ని రాతి గట్టిదనం మీదికి నెట్టేయకుండా, ఒక్కో ఘనపరిమాణం రాయి తీయడానికి ఎంత శక్తి ఖర్చవుతోందో రిగ్గు (బోరు తవ్వే యంత్రం) మీదే లెక్క చూపించారు. ఆ అంకె ఉన్నట్టుండి పెరిగితే బిట్ రాతిని కోయడం మాని గిలగిల తిరుగుతోందని అర్థం. అప్పుడు బిట్ మీద మోపే బరువు తగ్గించడం సహజ స్పందన, కానీ చాలాసార్లు పెంచాలి. పైకి తీసిన ప్రతి బిట్‌నూ పళ్ల వారీగా ఫొటోలు తీసి, దెబ్బ ఎక్కడ పడిందో చూసి తర్వాతి బిట్ మార్చారు. తవ్వకం వేగం అమాంతం పెరిగింది. కాగితం మీది సలహా రిగ్గు దాకా దిగిందనడానికి ఇది మంచి గుర్తు.

చిక్కు ఇంకోచోట ఉంది. ఈ విద్య తెలిసినవారు ప్రపంచంలో కొద్దిమందే, పరిశోధన నిధులకు దరఖాస్తు చేసేదీ వాళ్లే. ఫోర్జ్ తొలి విడతలో 2021లో 17 ప్రాజెక్టులకు 4.6 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. అంశాలు సూచించినవారు అదే అంశంలో నిధులు అడగకూడదన్న నిబంధన నియామకపత్రంలోనే ఉండాలి. తర్వాత పెడితే సభ్యులు అలుగుతారు, పెట్టకపోతే నిధులు దక్కనివారు ఫిర్యాదు చేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం గడువు. రిగ్గు అద్దె రోజు లెక్కన నడుస్తుంది. రిగ్గు నిలబెట్టి బోర్డును పిలిస్తే ‘కానివ్వండి’ తప్ప ఇంకో మాట రాదు. కాబట్టి ఆగే చోట్లు, అక్కడ కావలసిన సమాచారం, దాన్ని ఎన్ని రోజుల ముందు పంపాలి, బోర్డు వద్దంటే ఎవరు ఆపుతారు అన్నవి రిగ్గు ఒప్పందానికి ముందే రాసుకోవాలి. బోర్డు సలహా కాదని ముందుకెళ్తే కారణం రాతపూర్వకంగా ఇచ్చి, నిధులిచ్చేవారికి ప్రతి పంపాలి.

మన దేశానికి కమిటీలు కొత్త కావు. వేడినీటి బుగ్గలపై కేంద్రం వేసిన కమిటీ 1968లోనే నివేదిక ఇచ్చింది. ఆపై లద్దాఖ్‌లోని పుగా లోయలో జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) 34 బోర్లు వేసింది, అత్యంత లోతైనది 385 మీటర్లు. 2022 ఆగస్టులో అదే పుగాలో ఓఎన్జీసీ తవ్వుతుండగా లోపలి వేడి ద్రవం బయటికొచ్చి వాగులో కలిసింది. చుట్టూ వన్యప్రాణి అభయారణ్యం. అలాంటి చోట బోరు ఎగజిమ్మితే ద్రవాన్ని పట్టే గుంట ఎంత ఉండాలి, ఎవరు కబురందుకోవాలి అన్నవి బోర్డు మొదటి సమావేశంలో అడగాల్సిన ప్రశ్నలు. 2025 సెప్టెంబరులో జాతీయ జియోథర్మల్ విధానం వచ్చింది కాబట్టి ఇలాంటి ప్రయోగ క్షేత్రాలు పెరుగుతాయి.

తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల యూనిట్ దానంతటదే ఉబికే వేడినీళ్లతో నడుస్తుంది. రాతిని పగలగొట్టే పని లేదు కనుక దానికి ఇంత హంగామా అక్కర్లేదు. గోదావరి లోయలో లోతుకెళ్లి నీళ్లు పంపాలనుకుంటే మాత్రం సంగతి వేరు. 1969 ఏప్రిల్ 13న 5.7 తీవ్రతతో భద్రాచలం భూకంపం వచ్చిన ప్రాంతమది. పైగా బొగ్గు గనుల్లో రోజూ పేలుళ్లుంటాయి. ఏ కుదుపు పేలుడుదో, ఏది సహజమో, ఏది బోరుదో విడదీయాలంటే నీళ్లు పంపడానికి కనీసం ఏడాది ముందు నుంచే చుట్టూ సీస్మోమీటర్లు నడుస్తుండాలి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐకి (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు) మహారాష్ట్రలోని కొయనాలో ఈ పని చేసిన అనుభవముంది. గోదావరి లోయలో ఎన్ని స్టేషన్లు, ఎంత లోతులో పెట్టాలన్నది బోర్డు మొదటి ఎజెండాలో ఉండాలి, రిగ్గు టెండర్ దాని తర్వాతే.