పురిటి గదిలో తోడు: డౌలా బృందాల వెనకున్న కథ

అమెరికాలో ఏ పెద్ద నగరంలో చూసినా ఇప్పుడు డౌలా బృందాలు కనిపిస్తాయి. డౌలా అంటే కాన్పు సమయంలో తల్లి పక్కన తోడుండే మనిషి. ఒక బృందంలో ముగ్గురో నలుగురో కలిసి పనిచేస్తారు. గర్భిణికి ముందుగానే ఇద్దరు ముగ్గురిని పరిచయం చేస్తారు. నొప్పులు మొదలైన రోజు ఎవరి వంతైతే వాళ్లు ఆసుపత్రికి వస్తారు. నడుం రుద్దుతారు, నడిపిస్తారు, డాక్టరు గబగబా చెప్పి వెళ్లినదాన్ని మామూలు మాటల్లో మళ్లీ చెబుతారు. మందులివ్వరు, పరీక్షలు చేయరు, బిడ్డను బయటికి తీయరు. మంత్రసాని పని వేరు, వీళ్ల పని వేరు. ఈ బృందాల పరిచయ పత్రాల్లో తరచూ ఒక హామీ ఉంటుంది: మీది ఏ జాతైనా, ఏ భాషైనా, ఒంటరి తల్లి అయినా, ఇద్దరు తల్లుల కుటుంబమైనా, బిడ్డను మోస్తున్నది ట్రాన్స్ పురుషుడైనా (ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్న మనిషైనా) మేం వస్తాం అని.

అమ్మో పిన్నో చేసే పనికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడమేమిటని మనకు అనిపించవచ్చు. అందరికీ వస్తామని పనిగట్టుకుని రాసుకోవడం ఇంకా వింతగా ఉండవచ్చు. ఈ రెండూ ఎలా వచ్చాయో తెలియాలంటే, పురిటి గదిలోంచి ఎవరెవరిని ఎప్పుడు బయటికి పంపారో చూడాలి.

1900 ప్రాంతంలో అమెరికాలో దాదాపు అన్ని కాన్పులూ ఇళ్లలోనే జరిగేవి. 1940 నాటికి ఆసుపత్రి బయట జరిగేవి 44 శాతానికి తగ్గాయి. 1969కి ఒక్క శాతం మిగిలాయి. ఆసుపత్రికి వెళ్లడం వల్ల ప్రాణాలు నిలిచాయి, అందులో అనుమానం లేదు. రక్తం ఎక్కించడం, యాంటీబయాటిక్స్, సురక్షితమైన ఆపరేషన్ లేకపోతే ఎంతమంది పోయేవారో! కానీ గుమ్మం దగ్గరే చుట్టాలను ఆపేశారు. లోపల మార్ఫిన్, స్కోపోలమైన్ కలిపి ఇచ్చేవారు. నొప్పి పూర్తిగా పోయేది కాదు, దాని జ్ఞాపకం మాత్రం చెరిగిపోయేది. మందు మత్తులో పెనుగులాడకుండా చేతులు మంచానికి కట్టేసేవారు. 1958లో ఒక మహిళా పత్రిక ఈ కట్టివేతల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలు అచ్చువేసింది. భర్తలు లేబర్ రూమ్‌లోకి రావడం మామూలు విషయమైంది 1970లలోనే.

నల్లజాతి స్త్రీల విషయంలో ఇంకో నష్టం జరిగింది. దక్షిణ రాష్ట్రాల్లో తరతరాలుగా కాన్పులు చేసింది నల్లజాతి మంత్రసానులు. 1921 నాటి షెపర్డ్-టౌనర్ చట్టం తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేంద్ర నిధులిచ్చింది. ఆ డబ్బుతోనే రాష్ట్రాలు మంత్రసానులకు శిక్షణ ఇచ్చాయి, లైసెన్సులు పెట్టాయి, వాళ్ల పనిముట్ల సంచులు తనిఖీ చేశాయి, క్రమంగా సంఖ్య తగ్గించాయి. అలబామాలో 1976లో వచ్చిన చట్టంతో వాళ్ల కథ దాదాపు ముగిసింది. మరోపక్క 1960ల దాకా అక్కడి చాలా ఆసుపత్రుల్లో నల్లవాళ్లకు వేరే వార్డులే. తమ మంత్రసానిని తీసేశారు, తమను సరిగా చూసే ఆసుపత్రినీ ఇవ్వలేదు. నేటి డౌలా బృందాల్లో నల్లజాతి స్త్రీలు ముందుండటానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

డౌలా అనే పేరును ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చింది 1973లో మానవశాస్త్రవేత్త డానా రఫేల్. ఆమె దృష్టి పాలిచ్చే తల్లికి అండగా ఉండే మనిషి మీద. దాన్ని పురిటి గదిలోకి తెచ్చింది మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు. గ్వాటెమాలా నగరంలో రద్దీగా ఉండే ఒక ఆసుపత్రిలో తొలిచూలు తల్లుల పక్కన, ముందెప్పుడూ పరిచయం లేని మామూలు స్త్రీని కూర్చోబెట్టి చూశారు. ఆ స్త్రీకి వైద్యం తెలియదు. మాట్లాడటం, చేయి పట్టుకోవడం, వీపు నిమరడం, అంతే. 1980లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇబ్బందులేమీ రాని కాన్పుల్లో, తోడున్నవాళ్లకు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి సగటున 8.8 గంటల్లో బిడ్డ పుట్టింది. తోడులేనివాళ్లకు 19.3 గంటలు పట్టింది. చాలా చిన్న అధ్యయనం అది, అంత తేడా తర్వాత ఎవరికీ కనబడలేదు.

నాకు ఇంతకన్నా ఆసక్తిగా అనిపించేది హ్యూస్టన్ అధ్యయనం. జెఫర్సన్ డేవిస్ అనే ప్రభుత్వాసుపత్రి, పేదలు వచ్చే చోటు. 1991లో వెలువడిన ఆ అధ్యయనంలో మూడు జట్లున్నాయి. ఒక జట్టుకు డౌలా తోడుంది. రెండో జట్టుకు గదిలో ఒక మనిషి కూర్చుని ఉంటుంది, కానీ తల్లితో మాట్లాడదు, ముట్టుకోదు, ఊరికే రాసుకుంటుంది. మూడో జట్టుకు ఎవరూ లేరు. సిజేరియన్లు వరుసగా 8, 13, 18 శాతం. వెన్నులో మత్తు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు మొదటి జట్టులో సుమారు 8 శాతం, చివరి జట్టులో 55 శాతం. ఆ మధ్య అంకె చూడండి. పలకరించని మనిషి మూల కూర్చున్నా ఆపరేషన్లు తగ్గాయి! తల్లికి ధైర్యం వచ్చి తగ్గాయా, చూసేవాళ్లున్నారని డాక్టర్లు, నర్సులు ఇంకాస్త ఓపిక పట్టారా? రెండోదీ కొంత ఉందనే నా అనుమానం.

తర్వాత 17 దేశాల్లో 26 అధ్యయనాలను, 15 వేలమందికి పైగా స్త్రీల వివరాలను కలిపి 2017లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించింది. నిరంతరం తోడున్నవాళ్లలో సిజేరియన్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. నొప్పుల సమయం మాత్రం సగటున ముప్పావు గంట కూడా తగ్గలేదు. గ్వాటెమాలా అంకెలనే ఇప్పటికీ ప్రచారంలో వాడేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

1992లో క్లాస్, కెన్నెల్, ఫిలిస్ క్లాస్, పెన్నీ సిమ్‌కిన్, ఆనీ కెనెడీ కలిసి డోనా అనే డౌలాల సంఘం పెట్టారు. శిక్షణలు, సర్టిఫికెట్లు మొదలయ్యాయి, దాంతో మార్కెట్టూ మొదలైంది. పేదల ఆసుపత్రుల్లో రుజువైన సేవ, జేబులోంచి డబ్బు పెట్టగల తెల్లజాతి మధ్యతరగతికి చేరింది. దీన్ని వెనక్కి తిప్పే ప్రయత్నాలూ అదే దశకంలో కనిపిస్తాయి. షికాగోలో 1990ల మధ్యలో, టీనేజీ తల్లులకు వాళ్ల పేటల్లోని స్త్రీలనే డౌలాలుగా తయారుచేశారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2008లో ఏన్షెంట్ సాంగ్ అనే డౌలా సంస్థ వచ్చింది. 2010లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖే ఉచిత డౌలా పథకం పెట్టింది. అదే ఏడాది మిన్నెసోటాలో మహిళా ఖైదీల కోసం ఒక బృందం పని మొదలుపెట్టింది. కాన్పు సమయంలో సంకెళ్లు, రోజు రెండు రోజుల్లో బిడ్డను తీసుకెళ్లిపోవడం, ఇదీ అప్పట్లో అక్కడి పరిస్థితి. చుట్టాలెవరూ రాలేని చోట డౌలా ఒక్కతే వెళ్లగలిగింది.

2008లోనే ఆరెగన్ రాష్ట్రంలో థామస్ బీటీ అనే ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు. వైద్యులు తమను తిప్పి పంపారని ఆయనే బహిరంగంగా రాశాడు. ప్రతి కాగితం మీదా తల్లి అని, ఆమె అని రాసి ఉండే వార్డులో అలాంటివాళ్ల తరఫున సిబ్బందితో ఒక మాట చెప్పే మనిషి కావాలి. అమెరికాలో 2021లో ప్రతి లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9, తెల్లజాతిలో 26.6. అందరికీ వస్తామన్న హామీ వెనక ఇవన్నీ ఉన్నాయి.

ఇక బృందం ఎందుకంటే, నొప్పులు 37వ వారం నుంచి 42వ వారం దాకా ఎప్పుడైనా రావచ్చు. ఒంటరి డౌలా ఆ ఐదు వారాలూ ఫోను పక్కన పెట్టుకునే పడుకోవాలి. ఒకే రాత్రి ఇద్దరికి నొప్పులొస్తే? ఆమె బిడ్డకే జ్వరమొస్తే? ఏడాదికి ఎక్కువ కాన్పులు ఒప్పుకోవడం కుదరదు, అందుకే ఫీజు పెరుగుతుంది, పేదలకు అందదు. వంతులు పంచుకుంటే నెలలో కొన్ని రాత్రులైనా నిద్ర ఉంటుంది. స్పానిష్ వచ్చినవాళ్లు ఒకరు, జైలు పని తెలిసినవాళ్లు ఒకరు, అలా రకరకాల మనుషులు బృందంలో ఇమడగలరు. దీనివల్ల నష్టమూ ఉంది. నెలల తరబడి మాట్లాడిన మనిషి ఒకరు, ఆ రాత్రి వచ్చేది ఇంకొకరు కావచ్చు.

డబ్బు సంగతి మాత్రం బృందంతో తీరదు. అమెరికాలో పది కాన్పుల్లో సుమారు నాలుగింటి ఖర్చు మెడికెయిడ్ అనే పేదల బీమా భరిస్తుంది. డౌలాకు ఆ బీమా నుంచి చెల్లించడానికి ఆరెగన్, మిన్నెసోటా ముందుకొచ్చాయి, 2023 జనవరిలో కాలిఫోర్నియా చేరింది. ఆరెగన్‌లో మొదట ఒక కాన్పుకు ఇచ్చింది 75 డాలర్లు. ఇరవై గంటలు నిలబడాల్సి వచ్చినా అంతే. 2017లో 350కి పెంచారు, ఆ తర్వాత కూడా పెంచక తప్పలేదు.

2020 మార్చిలో న్యూయార్క్‌లోని కొన్ని పెద్ద ఆసుపత్రులు కరోనా భయంతో భర్తలను కూడా లోపలికి రానివ్వబోమన్నాయి. కొద్ది రోజుల్లోనే రాష్ట్ర గవర్నరు ఉత్తర్వుతో ఒక తోడును అనుమతించాల్సి వచ్చింది. అదే సమయంలో విమానాలు ఆగి, కాన్సులేట్లు మూతబడి, కూతురి పురుటికి బయల్దేరాల్సిన తెలుగు తల్లులు హైదరాబాద్‌లో, విజయవాడలో చిక్కుకుపోయారు. విజిటర్ వీసా మీద అమ్మ రావడమే అక్కడి మనవాళ్ల పురుటి ఏర్పాటు. అది తెగితే బాలింతకు పథ్యం వండేవాళ్లు లేరు, నీళ్లు పోసేవాళ్లు లేరు.

మన పాత పురిటి గదిలో మాత్రం అందరికీ చోటుందా? మంత్రసాని చాలా ఊళ్లలో మంగలి కులం స్త్రీయో దళిత స్త్రీయో. బొడ్డు కోసేదాకా ఆమె కావాలి, ఆ తర్వాత అంటు. విధవరాలు, పిల్లలు లేని స్త్రీ ఆ ఛాయలకు రాకూడదనే ఇళ్లు ఎన్నో. 2005లో, ఆసుపత్రిలో కంటే నగదు ఇచ్చే జననీ సురక్ష యోజన వచ్చాక కాన్పులు వేగంగా ఆసుపత్రులకు మారాయి. లేబర్ రూమ్ తలుపు బయట చుట్టాలు నిలబడిపోయారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత నాటికి తెలంగాణలో ఆసుపత్రి కాన్పులు 97 శాతం, సిజేరియన్లు 60.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సిజేరియన్లు 42.4 శాతం.

తమిళనాడు 2004లోనే ప్రభుత్వాసుపత్రుల్లో తోడును అనుమతించింది. కేంద్రం 2016 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం తోడు వచ్చేది స్త్రీ అయి ఉండాలి, వీలైతే తను కూడా కని ఉండాలి, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, వైద్యంలో జోక్యం చేసుకోకూడదు, పక్క మంచం మనిషిని పట్టించుకోకూడదు. తల్లికి చాటు ఉన్న చోట భర్తను అనుమతించవచ్చు. వరస మంచాల లేబర్ రూమ్‌లో ఆ చాటు ఎక్కడిది? తనకు ఇష్టమైన మనిషే తోడుండాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ఉత్తర్వులో పిల్లలు లేని అక్కకు రెండో స్థానం, నేస్తమైన మగవాడికి అసలు స్థానమే లేదు. తెలంగాణ 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ (మామూలు కాన్పులు చేసే పని) శిక్షణ మొదలుపెట్టింది. ప్రైవేటు డౌలాలు హైదరాబాద్‌లోనూ ఉన్నారు గానీ, వాళ్లను పెట్టుకునేది ఖర్చు భరించగల కుటుంబాలే.