సంక్రాంతి వరి కుచ్చులు: అపోహలు – వాస్తవాలు

వరి కుచ్చు (వరి వెన్నులను అల్లి గోడకో వసారాకో వేలాడదీసే గుత్తి) కట్టిన వాళ్ల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదులు మూడు: గింజ రాలిపోతోంది, బూజు పడుతోంది, పురుగు పడుతోంది. చాలాసార్లు మూడింటికీ మూలం తేమే. కోసేటప్పుడు గింజలో ఎంత తేమ ఉంది, ఆరాక ఎంత మిగిలింది, అల్లేటప్పుడు మళ్లీ ఎంత తడిపాం అన్నది సరిగ్గా చూసుకుంటే గోడ మీద కుచ్చు ఉగాది దాటినా చెక్కుచెదరదు.

అపోహ: బాగా పండిన వెన్నులే కుచ్చుకు మంచివి.

నూర్పిడికి కావలసిన పక్వం వేరు, అల్లికకు కావలసిన పక్వం వేరు. చేను పూర్తిగా పండాక కోసిన వెన్నును వంచితే గింజ రాలుతుంది. కాడ కూడా పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. అందుకే రైతు కోతకు వారం, పది రోజుల ముందే కుచ్చుకు కోసుకోవాలి. వెన్ను కొస నుంచి మూడింట రెండు వంతుల గింజ పసుపు తిరిగి, మెడ (కాడ, వెన్ను కలిసే చోటు) దగ్గరి గింజల్లో ఇంకా పచ్చదనం ఉండగా కోయండి. గోటితో నొక్కితే పాలు రాకూడదు. పాల దశలో కోస్తే ఆరేసరికి గింజ ముడుచుకుపోయి తాలుగా మిగులుతుంది. జపాన్‌లో కొత్త సంవత్సరానికి గుమ్మాలకు కట్టే షిమెకజారి అనే గడ్డి అలంకరణ కోసం ఇంకా ముందుగా, గింజ పట్టకముందే వరిని పచ్చగా కోస్తారు. వాళ్లకు కావలసింది గడ్డి రంగు, మనకు గింజ. అందుకే మనం ఆ మధ్య దశ దాకా ఆగాలి.

దీని వల్ల పని మొదలుపెట్టే నెల కూడా మారుతుంది. డెల్టాలో సార్వా (ఖరీఫ్) కోతలు చాలా చోట్ల నవంబరు, డిసెంబరుల్లోనే అయిపోతాయి. పండగ వారంలో వెతికితే దొరికేది గడ్డివామే. పైగా యంత్రంతో కోసిన చేలో వెన్ను కాడతో సహా మిగలదు. యంత్రం దిగకముందే రైతును అడిగి, గట్టు వెంబడి కొడవలితో కోసుకోండి.

కోసేటప్పుడే మెడ చూడండి. అక్కడ బూడిద రంగు, నలుపు మచ్చ ఉంటే అది మెడవిరుపు తెగులు. అలాంటి వెన్ను అల్లికలో చేతికి ఊడి వస్తుంది. గింజల మధ్య పసుపుపచ్చని, నల్లని ఉండలుంటే అది మానిపండు తెగులు. ఒక్క వెన్ను కలిసినా ఆ పొడి కుచ్చంతా అంటుకుంటుంది, పక్కన పడేయండి.

అపోహ: పొడుగు గడ్డి ఉన్న పాత వంగడాలే కావాలి.

అల్లికలో వాడేది పై కణుపు నుంచి మెడ వరకు ఉన్న కాడ మాత్రమే. సుమారు అడుగు ఉంటే చాలు. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎం.టి.యు. 7029), బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) పొట్టి రకాలే అయినా కుచ్చుకు చక్కగా సరిపోతాయి. సాంబ మసూరి సన్న గింజతో కుచ్చు నాజూగ్గా వస్తుంది, గోడకు మాకు అదే ఇష్టం.

అపోహ: ఎండలో పడేస్తే రెండు రోజుల్లో పని అయిపోతుంది.

ఎండలో ఆరుతుంది, దాంతోపాటు పచ్చ-బంగారు రంగు వెలిసిపోతుంది, కాడ పెళుసవుతుంది. నీడలో, గాలి ఆడే చోట ఏడు నుంచి పది రోజులు ఆరబెట్టాలి. ముందుగా పోటాకు (వెన్ను కిందనే ఉండే ఆఖరి ఆకు), కాడను చుట్టుకున్న ఆకు తొడుగు పూర్తిగా ఒలిచేయండి. తొడుగు కింద చెమ్మ దాక్కుంటుంది, బూజు మొదలయ్యేది అక్కడే. ఇరవై, ఇరవై అయిదు కాడలకు ఒక కట్ట. ఇంతకంటే లావైతే మధ్యలోవి ఆరవు. కట్టను తాడుతో కాకుండా రబ్బరు బ్యాండుతో వేయండి. ఆరే కొద్దీ కాడలు సన్నబడతాయి, తాడు వదులై కట్ట జారిపోతుంది, రబ్బరు మాత్రం పట్టు వదలదు.

వెన్నులు కిందికి వేలాడేలా తలకిందులుగా కడితే మెడ నిటారుగా గట్టిపడుతుంది. గోడ మీద జడలా అల్లే కుచ్చుకు ఇదే కావాలి. కుండలో నిలబెట్టే గుత్తి కోసమైతే కాడలను నిలువుగా ఉంచి ఆరబెట్టండి, వెన్ను తన బరువుకి వంగి ఆ వంపులోనే ఆగిపోతుంది. ఒకసారి ఆరిన మెడను తర్వాత వంచబోతే విరుగుతుంది.

ఆరిందో లేదో రైతులు చూసే పద్ధతే మంచిది: గింజ పంటి కింద వేస్తే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా రెండు మూడు రోజులు ఉంచండి. వడ్లు నిల్వకు 14 శాతం లోపు తేమ ఉండాలన్న లెక్క కుచ్చుకూ వర్తిస్తుంది.

అపోహ: అల్లేముందు కుచ్చు మొత్తం నీళ్లలో నానబెట్టాలి.

నానాల్సింది కాడ, గింజ కాదు. గింజ తడిస్తే బూజైనా పడుతుంది, మొలకైనా వస్తుంది. ఒక వెడల్పాటి గిన్నెలో నాలుగంగుళాల నీళ్లు పోసి, కాడల అడుగు భాగాన్ని మాత్రం అరగంట ఉంచండి. తీశాక మిగతా కాడను తడిగుడ్డలో చుట్టి మరో పావుగంట వదిలేయండి. వేలి చుట్టూ తిప్పితే పగలకుండా వంగితే సిద్ధమైనట్టు. ఒక్కసారికి గంటలో అల్లగలిగినన్నే తడపండి. రాత్రంతా తడిగుడ్డలో వదిలేసిన కాడ మర్నాటికి నల్లబడుతుంది.

అడుగున్నర పొడవు గోడ కుచ్చుకు లెక్క ఇది. నడుమ ఒక కొబ్బరి తాడు. మూడేసి వెన్నులు ఒక పిడిక. ప్రతి అంగుళానికి ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. అంటే 36 పిడికలు, 108 వెన్నులు. విరిగేవి ఉంటాయి కాబట్టి 130 పెట్టుకోండి. అల్లిక అడుగు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి: మొదటి పిడిక వెన్నులు కిందికి వేలాడతాయి, తర్వాతి పిడిక వెన్నులు కింది కట్టును కప్పేస్తాయి. ప్రతి పిడికను పురికొసతో రెండు చుట్లు చుట్టి బిగించండి. పైన మిగిలిన కాడలన్నీ కలిపి మూడు పాయల జడ అల్లి, వెనక్కి మడిచి ఉచ్చులా కట్టేస్తే మేకుకు తగిలించే చోటు అదే.

తడి కాడ మీద వేసిన కట్టు ఆరాక కొంచెమైనా వదులవుతుంది. అందుకే పైకొస ముడి మొదటిరోజు జారుముడిగానే ఉంచి, ఒక రోజు ఆరాక మళ్లీ లాగి బిగించి అప్పుడు గట్టిగా వేయండి. గింజలు రాలుతున్నాయనుకునే కుచ్చుల్లో చాలావాటిలో రాలేది గింజ కాదు, వదులైన పిడికలోంచి వెన్ను మొత్తం జారుతుంది. గ్లూ గన్ దీనికి మందు కాదు. నున్నటి కాడ మీద ఆ జిగురు పెచ్చులా ఊడిపోతుంది.

అపోహ: వార్నిష్ కొడితే పురుగు రాదు, ఏళ్ల తరబడి ఉంటుంది.

కుచ్చుకు పట్టే వడ్ల చిలుక చేలో ఉండగానే గింజల మీద గుడ్లు పెట్టగలదు. పిల్ల పురుగు గింజ లోపలే పెరిగి, గుండ్రటి చిన్న రంధ్రం చేసుకుని చిలుకై బయటికొస్తుంది. పైన వార్నిష్ పూస్తే లోపలున్నది చావదు. తేమ పూర్తిగా పోకముందే పూస్తే బూజును కూడా లోపలే మూసినట్టు. వేపాకు రెమ్మలు పక్కన కట్టినా అప్పటికే గింజలో ఉన్న పురుగును అవి చేరవు.

పనిచేసేది చలి. బాగా ఆరిన కట్టలను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచండి. అల్లకముందే చేస్తే కట్టలు ఫ్రీజర్లో ఇముడుతాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగితే నీటి బొట్లు సంచి పైన పడతాయి, గింజ మీద కాదు.

పిట్టల కోసం కడుతున్నట్టయితే వార్నిష్, రంగు, మెరుపు పొడి ఏదీ వద్దు. చేలో ఆఖరి వారాల్లో సుడిదోమ పురుగుకో మెడవిరుపు తెగులుకో ఏం మందు కొట్టారో రైతును అడగండి. ఆ మందు డబ్బా మీద కోతకు ముందు ఆగాలని రాసిన గడువు దాటని పంటను పిట్టలకు వేలాడదీయకండి.

అపోహ: కుచ్చు కడితే పిచ్చుకలు తిరిగొస్తాయి.

చుట్టుపక్కల పిచ్చుకలుంటే వస్తాయి, లేకపోతే పావురాలు వస్తాయి. పెద్ద పిచ్చుక గింజ తింటుంది, పిల్లలకు మాత్రం పురుగులు కావాలి, గూడుకు సందు కావాలి. కుచ్చు మంచి ఆసరా, అదొక్కటే చాలదు. వసారాలో ఏడెనిమిది అడుగుల ఎత్తున, పిల్లి ఎక్కలేని చోట, సీలింగు ఫ్యానుకు దూరంగా కట్టండి. ఫ్యాను రెక్కలకు తగిలి పిచ్చుకలు చనిపోతాయి, ఈ జాగ్రత్త మాత్రం మరవొద్దు.

అపోహ: పక్కన కట్టే మామిడి తోరణం ఇంటికి ఆక్సిజన్ ఇస్తుంది.

కోసిన ఆకుకు నీరు అందదు, పత్రరంధ్రాలు మూసుకుంటాయి, ఆ పని దాదాపు ఆగిపోతుంది. తోరణాన్ని కళ కోసం, ఆచారం కోసం కట్టుకోండి, అది చాలు. ఎర్రని లేత ఆకు గంటల్లో వాడిపోతుంది, ముదురాకుపచ్చని మందపు ఆకు కోయండి. ఆకు మొదలు తాడు మీదుగా మడిచి ఈనెపుల్ల గుచ్చండి. రెండంగుళాలకొకటి చొప్పున మూడున్నర అడుగుల గుమ్మానికి 21 ఆకులు పడతాయి. కొమ్మ కొసలు మాత్రం విరవకండి. మామిడి పూత వచ్చేది ఆ కొసల్లోనే.

అపోహ: విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంటి నుంచి కుచ్చు పంపితే సరి.

పొట్టు తీయని వడ్లు, వరిగడ్డి అనుమతి లేకుండా అమెరికాలోకి రానివ్వరు. అక్కడ అలంకరణ సామాన్ల దుకాణాల్లో దొరికే గోధుమ కంకులతో ఇదే అల్లిక వస్తుంది. గోధుమ కాడను గంటసేపు నానబెట్టండి, మీసాల వల్ల పిడికకు రెండు కంకులే సరిపోతాయి.

అపోహ: ఒకసారి కట్టిన కుచ్చు మళ్లీ సంక్రాంతి దాకా ఉండాలి.

వానాకాలం గాలిలో తేమకు గింజ మళ్లీ మెత్తబడుతుంది, అప్పుడే బూజు, పురుగు రెండూ వస్తాయి. గోడ చెమ్మగా ఉంటే అంతకన్నా ముందే. అందుకే కుచ్చు వెనక అర అంగుళం చెక్క ముక్క పెట్టి గోడకు తాకకుండా వేలాడదీయండి. దీపానికి, అగరొత్తులకు కనీసం మూడడుగులు ఎడం ఉంచండి, ఎండు గడ్డి క్షణంలో అంటుకుంటుంది. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో మేకు నుంచి సన్నని ఇనుప తీగతో కట్టడం మేలు. తొలకరికి ముందే దించేయండి. పూత వేయని, బూజు పట్టని కుచ్చయితే గింజ దులిపి కోళ్లకు వేయవచ్చు, గడ్డి ఎరువు గుంటలోకి పోతుంది. నల్లని బూజు కనిపిస్తే మాత్రం పిట్టలకూ కోళ్లకూ పెట్టకండి.