ఒంట్లో విషం కడిగేస్తారట: అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకే వారంలో ముగ్గురు వచ్చారు. ముగ్గురూ అరవై దాటినవారే. ముగ్గురి చేతుల్లోనూ సి.ఆర్.పి. అనే రక్తపరీక్ష రిపోర్టు, ముగ్గురి నోటా ఒకటే మాట: "సార్, ఒంట్లో పురుగుమందుల విషం పేరుకుపోయిందట. కడిగేయాలట." ఒకరికి ఆ సంగతి చెప్పింది కొడుకు ఫోనులో వచ్చిన వీడియో, ఇంకొకరికి పక్కింటావిడ, మూడో ఆయనకు పొడి అమ్మిన మనిషే. అనంతపురంలో ఇరవై ఏళ్లుగా ఎక్కువగా పెద్దవయసు వారికే వైద్యం చేస్తున్నాను. విషం కడుక్కోబోయి ఆసుపత్రి పాలైనవారిని చూసినంతగా, పాత విషాల వల్ల నేరుగా మంచం పట్టినవారిని నేను చూడలేదు. ఈ నాలుగు మాటలు రాయడం అందుకే.

భయపడేవారిని తప్పు పట్టను. ఇప్పుడు డెబ్బై ఏళ్లున్నవారి బాల్యం, యౌవనం ఏళ్ల తరబడి విరగకుండా నిలిచే మొండి రసాయనాల మధ్యే గడిచాయి. మలేరియా సిబ్బంది వచ్చి ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవారు. వేరుశనగ చేలో ఎర్ర గొంగళి పురుగు పడితే మా నాయన బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడిని పలచని గుడ్డలో మూటకట్టి, దులుపుకుంటూ సాళ్ల వెంట నడిచేవాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకోవాలని కూడా ఎవరూ చెప్పలేదు. ఖాళీ అయిన ఎండ్రిన్ పురుగుమందు డబ్బాను కడిగి కిరోసిన్ పోసుకున్న ఇళ్లు నాకు తెలుసు. మన దేశంలో సేద్యంలో డి.డి.టి.ని 1989లో, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఇలాంటి రసాయనాల మీద 2001లో కుదిరిన స్టాక్‌హోం ఒప్పందాన్ని మనం 2006లో ఆమోదించాం. అంగడిలో అమ్మకం ఆగింది కానీ ఒంట్లో చేరినది ఒంట్లోనే ఉంది. ఇవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒకసారి కొవ్వులో చోటు దొరికితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ప్లాస్టిక్ లాంటివి కాలితే పుట్టే డయాక్సిన్లూ ఈ కోవవే; అవి ఒంట్లో సగానికి తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అపోహ: పొడులు, కషాయాలు, ఉపవాసాలతో ఈ విషాన్ని కడిగేయవచ్చు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఖరీదంటే పొడి డబ్బా ధర ఒక్కటే కాదు.

ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు సంగతి చెబుతాను. వయసు 68. పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి, దానితోపాటు బి.పి. రోజూ చక్కెరకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, ఒక బి.పి. మాత్ర వేసుకునేవాడు. ఎవరో రక్తపరీక్షల శిబిరం పెడితే సి.ఆర్.పి. ఎక్కువగా, 14 వచ్చింది. అక్కడే ఒకాయన "నలభై ఏళ్లు మందులు కొట్టావు కదా, ఆ విషమే ఇది" అని పది రోజుల పొడి చేతిలో పెట్టాడు. రోజుకు మూడుసార్లు పొడి, మధ్యలో నిమ్మకాయ నీళ్లు. అన్నం లేదు, రాగి సంగటి లేదు. "మాత్రలు కూడా రసాయనాలేగా" అని బి.పి. మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపేశాడు. చక్కెర పెరుగుతుందన్న భయంతో గ్లిమెపిరైడ్ మాత్రం వేసుకుంటూనే ఉన్నాడు; అది తిండి లేకపోయినా చక్కెరను దించేస్తుంది. నాలుగో రోజు తెల్లవారుజామున భార్య ఎంత లేపినా లేవలేదు. తీసుకొచ్చేసరికి రక్తంలో చక్కెర 34కు పడిపోయింది. పొటాషియం కూడా 2.6కు తగ్గింది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పుడూ 1.1 దగ్గర ఉండేది, 2.4కు చేరింది. డబ్బా మీద రాసినది చదివితే అందులో ముఖ్యమైన దినుసు నేలతంగేడు ఆకు. అంటే విరేచనాల మందు! మనిషి దక్కాడు, మూత్రపిండాలూ కోలుకున్నాయి. అందరికీ అంత అదృష్టం ఉండదు.

ఇక్కడ జరిగింది గమనించండి. విరేచనాల మందు పనిచేసేది పేగు మీద. విషం ఉన్నది పొట్ట చుట్టూ, తొడల్లో, కాలేయంలో ఉన్న కొవ్వులో. పేగు ఖాళీ అయితే పోయేవి నీళ్లు, లవణాలు. గుండెకు కావాల్సిన పొటాషియం వాటితోపాటే పోతుంది. "నల్లగా పోయింది సార్, అదంతా విషమే" అని ఆయన భార్య ఎంతో నమ్మకంగా చెప్పింది. ఆమెను ఏమనగలను?

రెండో సంగతి వీడియోల వాళ్లు ఎప్పుడూ చెప్పరు. కడుపు మాడ్చుకుని బరువు వేగంగా తగ్గితే కొవ్వు కరుగుతుంది, అందులో దాగి ఉన్న రసాయనాలు రక్తంలోకి వస్తాయి. ఊబకాయానికి శస్త్రచికిత్స చేయించుకుని బరువు తగ్గినవారి రక్తంలో వీటి మోతాదు పెరిగినట్టు కొలిచి చూశారు. "శుద్ధి" పేరుతో చేసేది మూలన పడుకున్న పామును నట్టింట్లోకి తోలడం. అలాగని లావుగా ఉన్నవారు అలాగే ఉండిపోవాలని నేను అనడం లేదు. పొట్ట తగ్గితే చక్కెరకూ, బి.పి.కీ, మోకాళ్లకూ మేలే. నెలకు కిలో, కిలోన్నర చొప్పున, నడుస్తూ, పప్పూ గుడ్డూ తింటూ తగ్గండి. అరవై దాటాక పది రోజుల్లో తగ్గే బరువులో కొవ్వు కొంతే, మిగతాది నీరు, కండ. ఆ వయసులో పోయిన కండ మళ్లీ రావడం కష్టం.

ఇంకొక్కటి చెప్పి దీన్ని వదిలేస్తాను. డాక్టరును అడగకుండా చక్కెర, బి.పి. మాత్రలు ఆపకండి. ఉపవాసం చేయాలనుకుంటే ముందే చెప్పండి, ఏ మాత్ర ఆపాలో ఏది ఆపకూడదో మేం చూసి చెబుతాం. ఒక్క ఫోనుతో తేలే పని అది.

అపోహ: సి.ఆర్.పి. ఎక్కువగా ఉంటే ఒంట్లో విషం ఉన్నట్టే.

సి.ఆర్.పి. కాలేయం తయారుచేసే ప్రోటీన్. శరీరంలో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి మంట, వాపు ఉన్నా పెరుగుతుంది. రాత్రి కుక్క మొరిగితే ఎవరో వచ్చారని తెలుస్తుంది. వచ్చింది దొంగో, తెల్లవారిందని వచ్చిన పాలవాడో కుక్క చెప్పదు. పెద్దవారిలో నేను ముందు చూసేది నోరు. కదిలే పళ్లు, చీము పట్టిన చిగుళ్లు. తర్వాత మూత్రం, కాలి వేళ్ల మధ్య పుండ్లు, బీడీ, పొట్ట చుట్టుకొలత. వీటిలో ఏదీ లేకపోయినా వయసుతోపాటు ఈ మంట సన్నగా పెరుగుతూ వస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దీనికి "ఇన్‌ఫ్లమేజింగ్" అని పేరు పెట్టారు.

మరి మొండి రసాయనాలకు ఇందులో భాగం లేదా? ఉండవచ్చు. స్వీడన్‌లోని ఉప్సలాలో 2001 నుంచి 2004 వరకు 70 ఏళ్ల వారిని వెయ్యి మందికి పైగా పరీక్షించి, తర్వాత కూడా గమనిస్తూ వచ్చారు. రక్తంలో పి.సి.బి.లు (ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన మొండి రసాయనాలు) ఎక్కువున్నవారిలో తర్వాతి ఐదేళ్లలో చక్కెర వ్యాధి ఎక్కువగా కనిపించింది. కొన్ని ఇన్‌ఫ్లమేషన్ సూచికలకూ ఈ రసాయనాలకూ సంబంధం ఉన్నట్టు కూడా అదే బృందం రాసింది. సంబంధం ఉన్నంత మాత్రాన ఇదే కారణమని తేలినట్టు కాదు. ఒంట్లో కొవ్వు ఎక్కువున్నవారిలో ఇన్‌ఫ్లమేషన్ ఎలాగూ ఎక్కువే, ఆ రసాయనాలు దాక్కునేదీ కొవ్వులోనే. రెంటినీ విడదీయడం పరిశోధకులకే తలనొప్పి. ఇక వీటిని రక్తంలో కొలవాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి పెద్ద యంత్రాలు కావాలి. వీధి మలుపులో వేలు గుచ్చి తీసిన చుక్కతో "విషం శాతం" చెప్పేవారికి నా నమస్కారం.

అపోహ: ఆర్.ఓ. నీళ్లు తాగితే చాలు.

నీటిలో కరగనివి నీటి ద్వారా ఎంత వస్తాయి? ఇవి ఎక్కువగా వచ్చేది పాలు, నెయ్యి, మాంసం, చేపల కొవ్వు ద్వారా. మన జిల్లాలో ఆర్.ఓ. అవసరం ఫ్లోరైడ్ వల్ల. అది కంపెనీల విషం కాదు, రాతిలోంచి బోరు నీళ్లలోకి వచ్చేది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. వీడియోల్లో రెంటినీ కలిపి ఒకే గంపలో వేస్తున్నారు.

అపోహ: కూరగాయల నిండా ఇవే, తినడం తగ్గించడం మేలు.

వద్దు. ఇప్పుడు తోటల్లో కొట్టే మందులు చాలావరకు వేరే జాతివి, ఆ పాతవాటిలా దశాబ్దాలు నిలవవు. ధారగా పడే నీటిలో బాగా రుద్ది కడిగి తినండి. ఆకుకూర మానేసిన ముసలివారికి మలబద్ధకం వస్తుంది. దానికి మళ్లీ ఒక పొడి కొంటారు.

అపోహ: ఈ విషాలు ఎక్కడో కంపెనీల్లో పుడతాయి, మనం చేయగలిగింది లేదు.

మనమే పుట్టిస్తున్నాం. నేను ఇంతకుముందు అద్దెకున్న ఇంటి వెనక పాత సామాన్ల దుకాణం ఉండేది. సాయంత్రం కాగానే రాగి కోసం కరెంటు తీగలు కుప్పపోసి కాల్చేవారు. తీగ మీది పి.వి.సి. తొడుగులో క్లోరిన్ ఉంటుంది. అది రాగి సమక్షంలో కాలితే డయాక్సిన్లు పుడతాయి. మా అవ్వ అప్పుడు మాతోనే ఉండేది. ఆ పొగ వచ్చిన రాత్రి దగ్గుతో ఆమెకు కంటి మీద కునుకు ఉండేది కాదు. రెండుసార్లు వెళ్లి చెప్పాను, మూడోసారి గొడవే పడ్డాను. చివరికి ఇల్లు మారింది నేనే. పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు పెట్టే ఇళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. పొడుల కోసం పెట్టే డబ్బు ఆదా చేసి గ్యాసు బండ నింపుకోండి. అటక మీద పాత మందు డబ్బా ఏదైనా మిగిలి ఉంటే కాల్చకండి, పూడ్చకండి, మీ ఊరి వ్యవసాయ సహాయకుడికి చెప్పండి.

ఉరవకొండ రైతు మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈలోగా పళ్ల డాక్టరు దగ్గరికి పంపాను. చీము పట్టిన నాలుగు పళ్లు పీకి, చిగుళ్లు శుభ్రం చేశారు. బీడీలు సగానికి తగ్గించానంటాడు, నేను పూర్తిగా నమ్మలేదు. సి.ఆర్.పి. 3కు దిగింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు:

"విషం పోయిందా సార్?"

"లేదు పెద్దాయనా, అది ఉన్నచోటే ఉంది. పోయినవి నీ పళ్లు."

కాసేపు ఆలోచించి, సంగటి నమలనక్కర్లేదు కాబట్టి ఫరవాలేదన్నాడు.