అదే ఎండ, మూడో వంతు తక్కువ గాలి

విశాఖపట్నం భూమధ్యరేఖకు ఉత్తరాన 17.7 డిగ్రీల దగ్గర ఉంది. పెరూ, బొలీవియా దేశాలు పంచుకున్న టిటికాకా సరస్సు దక్షిణాన దాదాపు 16 డిగ్రీల దగ్గర ఉంది. అంటే సూర్యుడు ఈ రెండు చోట్లనూ ఇంచుమించు ఒకే తీరుగా చూస్తాడు. రుతువులు మాత్రం తలకిందులు. అయినా జనవరి రాత్రి ఆర్కే బీచ్‌లో మామూలు చొక్కాతో తిరిగే మనిషి, జూన్ రాత్రి టిటికాకా ఒడ్డున మూడు దుప్పట్లు కప్పుకున్నా వణుకుతాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గిన్నెలో పెట్టిన పప్పు ఎంతకీ మెత్తబడదు. తేడా అంతా ఎత్తులోనే ఉంది: ఆ సరస్సు నీరు సముద్రమట్టానికి 3,812 మీటర్ల పైన నిలిచి ఉంది.

వీపున సంచి తగిలించుకుని అంత దూరం, అంత ఎత్తు వెళ్లాలనుకునే కుర్రకారు మన ఊళ్లోనూ ఉన్నారు. వీసాలు, టికెట్ల సంగతి వాళ్లకే బాగా తెలుసు. నాది ఒక్క తీసివేత లెక్క. ఎండను అలాగే ఉంచి, గాలిలో మూడో వంతుకు పైగా తీసేస్తే మనిషికి, వంటకు, సరస్సుకు, అందులోని దీవులకు ఏమవుతుంది?

గాలి పీడనం అనే మాట విశాఖకు కొత్త కాదు. తుపాను హెచ్చరికలు వింటూ పెరిగిన ఊరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు దాని కేంద్రంలో పీడనం సుమారు 950 మిల్లీబార్లు. సముద్రమట్టంలో మామూలుగా ఉండేది 1,013. ఆరు శాతం తగ్గుదలకే ఊరు అతలాకుతలమైందన్నమాట. మరి అరకులో ఎంత? 900 మీటర్ల ఎత్తున్న ఆ లోయలో ఏ రోజు చూసినా 910 మిల్లీబార్ల చుట్టుపక్కలే ఉంటుంది. హుద్‌హుద్ కంటిలో ఉన్నదాని కంటే తక్కువ పీడనంలో కూర్చుని మనం తాపీగా కాఫీ తాగి, వెదురు చికెన్ తిని వస్తున్నాం! తుపానులో చెట్లను కూల్చింది ఆ 950 అనే అంకె కాదు. కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పీడనం అంతగా మారిపోవడం. టిటికాకా దగ్గర ఏడాది పొడవునా పీడనం 635 మిల్లీబార్ల దగ్గరే ఉంటుంది. గాలివాన ఉండదు, కానీ గాలే చాలదు.

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. అక్కడా 21 శాతమే. గాలి మొత్తం పలచబడుతుంది. ఊపిరితిత్తుల్లో ఈ లెక్క మరికాస్త కఠినంగా తేలుతుంది. పీల్చిన గాలి లోపలికి వెళ్లగానే తేమతో నిండిపోతుంది. ఆ నీటి ఆవిరి పీడనాన్ని నిర్ణయించేది మన ఒంటి వేడి. అందుచేత విశాఖలోనైనా, ఆండీస్ పర్వతాల మీదైనా అది 63 మిల్లీబార్లే. 1,013లోంచి 63 పోతే మనకు మిగిలేది 950. అక్కడ 635లోంచి అదే 63 పోతే 572. అందులో ఆక్సిజన్ వాటా ఇక్కడ 200, అక్కడ 120. ప్రతి శ్వాసలోనూ నలభై శాతం కోత.

"గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లూ ఆగకుండా నడిచేశాను మాస్టారూ, నన్నేం చేస్తుంది?" అని సింహాచలం వైపు కుర్రాడొకడు అడిగాడు. కాళ్ల సత్తువకూ ఎత్తు జబ్బుకూ సంబంధం లేదు. పైగా సత్తువ ఉన్నవాడు త్వరత్వరగా ఎక్కేస్తాడు కాబట్టి ముందు పడేది అతనే కావచ్చు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. మన తూర్పు కనుమల్లో ఎంత ఎక్కినా 1,700 మీటర్ల లోపే. ఇక్కడ సాధన చేసి అక్కడికి వెళ్దామంటే కుదరదు.

శరీరం మొదటి రోజు చేసే పని ఒక్కటే: ఎక్కువ ఊపిరి పీల్చడం. మెడ దగ్గర రక్తనాళాల పక్కన గింజంత అవయవాలు రెండున్నాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని అవి మెదడుకు కబురు పంపుతాయి. ఊపిరి వేగం పెరుగుతుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. అంత జోరుగా ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది. రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. "చాలు, ఆపు" అని మెదడు బ్రేకు వేస్తుంది. ఒక కబురు పీల్చమంటుంది, ఇంకొకటి వద్దంటుంది. మెలకువగా ఉన్నప్పుడు ఎలాగో నడిచిపోతుంది గానీ, రాత్రి నిద్రలో ఈ పేచీ బయటపడుతుంది. పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడి ఊపిరి మెల్లగా పలచబడి, పూర్తిగా ఆగిపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లేచి తట్టి చూద్దామా అనుకునేలోపు ఒక్కసారిగా పెద్ద ఊపిరి తీసుకుని, నాలుగైదు సార్లు గబగబా పీల్చి, మళ్లీ నెమ్మదిస్తాడు. తెల్లవార్లూ ఇదే వరస. చూసేవాళ్లకు గుండె జారిపోతుంది గానీ, ఆ ఎత్తులో ఇది దాదాపు అందరికీ ఎంతో కొంత మామూలే.

ఈ తగవు తీర్చేవి మూత్రపిండాలు. క్షారాన్ని కొంచెం కొంచెంగా మూత్రంలోకి పంపేసి బ్రేకు వదులు చేస్తాయి. అందుకు రోజులు పడతాయి. డాక్టర్లు రాసే అసిటజోలమైడ్ మాత్ర చేసేదీ ఇదే, కాస్త ముందుగా. ఎవరో ఇచ్చారని దాన్ని వేసుకోకండి. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా డాక్టరును అడగాలి. ఇక రక్తం సంగతి. ఆక్సిజన్ తగ్గిన సంగతిని ప్రతి కణమూ ఎలా పసిగడుతుందో తేల్చినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ వచ్చింది. ఎర్ర కణాలను పెంచే హార్మోను కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కానీ కొత్త కణాలు చాలినన్ని తయారు కావడానికి వారాలు కావాలి. మొదటి వారంలో రక్తం చిక్కబడిందంటే అందులోని నీరు తగ్గడమే ప్రధాన కారణం. తరతరాలుగా అక్కడే బతికే ఐమారా, కెచువా ప్రజల రక్తంలో మాత్రం హిమోగ్లోబిన్ నిజంగానే ఎక్కువ. విచిత్రమేమిటంటే టిబెట్ వాళ్లు అదే ఎత్తుకు వేరే దారి వెతుక్కున్నారు. వాళ్లలో హిమోగ్లోబిన్ అంతగా పెరగదు.

కాబట్టి సరస్సు ఒడ్డునున్న పూనో పట్టణానికి ఎలా చేరుకుంటారన్నది సంచిలో ఏం పెట్టుకున్నారన్నదాని కంటే ముఖ్యం. సముద్రం పక్కనే ఉన్న లీమాలో విమానమెక్కితే రెండు గంటల్లోపే 3,800 మీటర్ల మీద దిగవచ్చు. నన్నడిగితే అది డబ్బిచ్చి తలనొప్పి కొనుక్కోవడమే. 2,300 మీటర్ల ఎత్తున్న అరెకిపాలో కొన్నాళ్లు ఆగి, అక్కడి నుంచి బస్సులో వెళ్లడం మేలు. మూడు వేల మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది పర్వత వైద్యుల లెక్క. పగలు ఎంత ఎక్కినా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే అసలు ప్రశ్న. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, వెంటనే కిందికి దిగాలి. తెల్లారాక చూద్దామనుకోకూడదు.

వంట సంగతి త్వరగా చెప్పేస్తాను. 635 మిల్లీబార్ల దగ్గర నీళ్లు 87, 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో వేడి అంతకు మించదు. కుక్కరు ఉంటేనే పప్పు ఉడుకుతుంది. ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఆవకాయ ప్యాకెట్టు పూనో చేరేసరికి బుగ్గలు పూరించి కూర్చుంటుంది. లోపల ఉన్నది విశాఖ గాలి మరి. కత్తెరతో మూల కత్తిరిస్తే ముందు నూనె చొక్కా మీదికి చిమ్ముతుంది. గుండుసూదితో పైభాగంలో చిన్న కన్నం చేసి గాలి వదిలేశాక కత్తిరించడం తెలివైన పని.

పలచని గాలి ఎండను కూడా ఆపలేదు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది, పన్నెండు శాతం పెరుగుతాయి. ఒంటికి చలిగా ఉంటుంది కాబట్టి చర్మం కాలుతున్న సంగతి తెలియదు. రాత్రయితే ఇదే తలుపు రెండో వైపు తెరుచుకుంటుంది: నేల దాచుకున్న వేడి ఆకాశంలోకి ఇట్టే పారిపోతుంది. అక్కడి రైతులు ఈ పగలూ రాత్రీ తేడాను వాడుకున్న తీరు చూడాలి. జూన్ నెలలో బంగాళాదుంపలను రాత్రి మంచులో పరిచి గడ్డకట్టనిస్తారు, పగలు కరిగాక కాళ్లతో తొక్కి నీరు పిండేస్తారు, పొడి ఎండలో ఆరబెడతారు. మన వడియాలలాగే ఎండ చేసే నిల్వ సరుకు, కాకపోతే మంచు కూడా చెయ్యి కలుపుతుంది. చూన్యో అనే ఆ దుంపలు ఏళ్ల తరబడి చెడవు.

ఇప్పుడు సరస్సు దగ్గరికి వద్దాం. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుందన్న లెక్క వేసుకుంటే, విశాఖ సగటు 27, 28 డిగ్రీల నుంచి ఆ ఎత్తుకు ఇరవై ఐదు తీసేయాలి. మూడు మిగలాలి. నిజానికి పూనోలో ఏడాది సగటు ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు ఉంటుంది. ఈ అదనం ఎక్కడిది? కొంత ఆ పీఠభూమి నేల ఎండకు కాగడం వల్ల. మిగతాది నీటి చలవ, అనకూడదు, నీటి వేడి! ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని, 281 మీటర్ల వరకు లోతున్న ఈ సరస్సు పగటి వేడిని మింగి రాత్రంతా నెమ్మదిగా వదులుతుంది. మనకు దీని సాక్ష్యం దగ్గర్లోనే ఉంది. చింతపల్లి పక్కన లంబసింగిలో శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నా దాకా పడిపోతుంది; అదే రాత్రి బీచ్ రోడ్డులో ఐస్‌క్రీమ్ బండ్ల దగ్గర జనం ఉంటారు. వెయ్యి మీటర్ల ఎత్తు వివరించగలిగేది ఆరేడు డిగ్రీలనే. మిగతాది లోయలో చల్లగాలి కిందికి జారి పేరుకోవడం, పక్కన సముద్రం లేకపోవడం.

అందుకే టిటికాకా దీవులు చుట్టుపక్కల పీఠభూమి కంటే వెచ్చన. బొలీవియా వైపున్న ఇస్లా దెల్ సోల్, అంటే సూర్యద్వీపం మీద, 3,800 మీటర్ల పైన మొక్కజొన్న పండుతుంది. సరస్సుకు దూరంగా వెళ్తే అదే ఎత్తులో మంచు దెబ్బకు బతకదు. ఇన్కా సామ్రాజ్యపు రాజులు ఆ దీవిని సూర్యుడి పుట్టిల్లుగా కొలిచారు. వాళ్లకంటే ముందు ‘తివనాకు’ నాగరికత ప్రజలు ఆ దీవి పక్కన నీట మునిగిన రాతిదిబ్బ దగ్గర కానుకలు వదిలారు. 2013లో పురావస్తు శాస్త్రజ్ఞులు నీటిలోకి దిగి వెలికితీసిన వాటిలో బంగారు రేకులతో పాటు వెచ్చని పసిఫిక్ తీరాల్లో మాత్రమే పెరిగే ముళ్ల ఆల్చిప్పలు కూడా ఉన్నాయి. సముద్రపు గుల్లను వీపున మోసుకుని ఆ కొండలెక్కిన మనుషుల ముందు మన సంచి బరువు ఏపాటిది?

పెరూ వైపు తకీలే దీవిలో ఒక రేవు నుంచి ఊరికి వెళ్లే దారిలో ఐదు వందలకు పైగా రాతిమెట్లున్నాయి. ఆ దీవి మగవాళ్లు నడుస్తూనే టోపీలు అల్లుతుంటారు. మనం ఊపిరి కోసం ఆగిన చోట వాళ్లు మనల్ని దాటిపోతారు. ఓడలు కట్టే ఊరివాళ్లం కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. యవారి అనే ఆవిరి ఓడను ఇంగ్లండ్‌లో తయారుచేసి, 1862లో ముక్కలుగా దక్షిణ అమెరికాకు చేర్చి, కంచరగాడిదల మీద పర్వతాలు దాటించి, 1870 క్రిస్మస్ నాడు ఈ సరస్సులోకి దింపారు. బొగ్గు దొరకని చోట దాని పొయ్యిలో కాల్చింది ఎండిన లామా పేడ.

పూనోకు దగ్గర్లోని ఊరోస్ దీవులు మాత్రం రాతివీ మట్టివీ కావు. తొతోరా అనే రెల్లుతో మనుషులు కట్టుకున్నవి. అది మన తుంగ కుటుంబానికి చెందిన మొక్కే. దాని వేళ్లుండే బురదలో ఆక్సిజన్ ఉండదు. కాబట్టి కాండం నిండా సన్నని గాలి గదులుంటాయి, ఆకాశం నుంచి బురద దాకా గాలిని దించే గొట్టాల్లాగా. కొల్లేటిలో గుర్రపుడెక్కను తేల్చేదీ ఇలాంటి గాలే. నీటిలో తేలే వేళ్ల దిమ్మెలను కోసి, ఒకదానికొకటి కట్టి, పైన రెల్లును అడ్డంగా, నిలువుగా పరుస్తారు. కాలు పెడితే మెత్తగా దిగుతుంది. అడుగున కుళ్లిపోతుంటుంది కాబట్టి పైన తరచూ కొత్త పొర వేస్తూనే ఉండాలి. దీవి గాలికి కొట్టుకుపోకుండా తాళ్లతో, గుంజలతో కట్టేస్తారు. ఇక్కడివాళ్లు కట్టే రెల్లు పడవల పనితనం ఎంతటిదంటే, 1970లో నార్వే సాహసయాత్రికుడు థోర్ హెయెర్డాల్ అట్లాంటిక్‌ను దాటిన రా-2 పడవను కట్టింది ఈ సరస్సు ఒడ్డు ఐమారాలే.

ఈ సరస్సులోకి వచ్చే నీటిలో నది ద్వారా బయటికి వెళ్లేది పదో వంతు లోపే. మిగతాదంతా ఆవిరే. అందుకే నీటిలో లీటరుకు ఒక గ్రాము దాకా ఉప్పు పేరుకుంది. వానలు తప్పితే మట్టం ఇట్టే పడిపోతుంది. 2023 కరువులో ఒడ్డున పడవలు బురదలో కూరుకుపోయాయి. వేల ఏళ్ల కిందట ఒక దీర్ఘకాలపు ఎండువేళ నీరు ఎనభై మీటర్లకు పైగా తగ్గింది; అప్పుడు దక్షిణాన ఉన్న లోతు తక్కువ భాగం దాదాపు ఎండిపోయింది, ఇప్పటి దీవుల్లో కొన్ని ఒట్టి గుట్టలు.

ఆ నీటిలో ఒక కప్ప ఉంది. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరగాలి, కానీ పైన గాలి పలచన కాబట్టి ఆ లాభం హరించుకుపోతుంది. లెక్కవేస్తే మన వెచ్చని బంగాళాఖాతపు నీటిలో ఉన్నంతే తేలుతుంది. టిటికాకా కప్ప ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయి. చర్మం మాత్రం రెండు సైజులు పెద్ద చొక్కా వేసుకున్నట్టు మడతలు మడతలుగా వేలాడుతుంది, ఆ మడతల నిండా రక్తకేశనాళికలు. నీటిలోని ఆక్సిజన్‌ను చర్మంతోనే పీలుస్తుంది. చాలనప్పుడు సరస్సు అడుగున నిలబడి దండీలు తీసినట్టు పైకీ కిందికీ ఊగుతుంది. మడతల మీద కొత్త నీరు పారడానికి. పైకి రావడం అరుదు. ఇంతటి ఏర్పాటున్న జీవిని పట్టి, బలానికని మిక్సీలో వేసి రసం తీసి తాగే అలవాటు పెరూ బజార్లలో ఉంది. అందులో బలమేమీ లేదు.

2016లో సరస్సులోకి వచ్చే కొయాటా నదిలో ఈ కప్పలు సుమారు పదివేలు చచ్చి తేలాయి. కాలుష్యమే కారణమని స్థానికులు గోలపెట్టారు. అంతకు ముందు ఏడాది దక్షిణపు చిన్న సరస్సులో మురుగు పోషకాలకు నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి, నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసింది. చేపలు, కప్పలు, పక్షులు చనిపోయాయి. ఎత్తు వల్ల వచ్చిన కొరతకు చర్మం మడతలు వేసుకోవడానికి కప్పకు వేల తరాలు దొరికాయి. మురుగు తెచ్చిన కొరత కొన్ని వారాల్లో వచ్చి పడింది.