అట్టల కింద గడ్డి

చిరంజీవులైన మనవలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

జూన్ నెలలో ఫోనులో మన పెరడు చూపించినప్పుడు చిన్నవాడు అడిగాడు, "తాతయ్యా, గడ్డి మీద అట్టలు కప్పేశావు, దానికి ఊపిరాడదు కదా?" అని. అంతలో ఎవరో తలుపు తట్టడంతో జవాబు చెప్పలేదు. తట్టకపోయినా చెప్పగలిగేవాణ్ణి కాదేమో, ఎందుకంటే సెలవుల్లో మీరు బంతి ఆడిన గడ్డిని, ఆ చోట కూరమొక్కలు పెట్టడానికి, నేను కావాలనే చంపుతున్నాను. ఇప్పుడు శ్రావణం వచ్చింది, చూపించడానికి కొంత పచ్చదనం కూడా వచ్చింది కనుక ధైర్యం చేసి రాస్తున్నాను.

ఆ గడ్డిని మీ నాన్న కడియం నర్సరీల నుంచి పలకలుగా తెప్పించి పరిపించాడు. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న ఆ కాస్త జాగాకు ఎండాకాలంలో రోజూ పది బిందెల నీళ్లు పోసి, పదిహేను రోజులకోసారి కత్తిరించి, ఆ కత్తిరించినదాన్ని మళ్లీ నేనే గేటు బయట పారబోసి వచ్చేవాణ్ణి. ఇంత చాకిరీ చేయించుకున్న గడ్డి మీ నాయనమ్మ పోపులోకి ఒక్క కరివేపాకు రెబ్బ ఇచ్చిన పాపాన పోలేదు. పూలు లేనిచోట తమకేం పని అన్నట్టు సీతాకోకచిలుకలు కూడా గోడ మీదుగా పక్కింటికి వెళ్లిపోయేవి.

ఇక చిన్నవాడి ప్రశ్న. అట్ట కింద గడ్డికి కరవయ్యేది ఊపిరి కంటే ముందు అన్నం. మొక్క తన వంట ఎండతో వండుకుంటుంది. వెలుతురు ఆగిపోతే వేళ్లలో దాచుకున్నది కొన్నాళ్లు తిని, అదీ అయిపోయాక పాలిపోయి, మెత్తబడి మట్టిలో కలుస్తుంది. అక్కడి నుంచి జరిగేది మీ నాయనమ్మ రాత్రిపూట పాలు తోడు వేయడం లాంటిదే. చచ్చిన గడ్డి, దాని మీద నేను పోసిన పశువుల ఎరువు, ఎండుటాకులు, అవన్నీ పాలు. అట్ట మూత. తొలకరి తర్వాత వచ్చే ఉక్క వంటింటి మూల ఉండే గోరువెచ్చదనం. మరి తోడు ఏదంటే, వీధి చివర రావిచెట్టు మొదట్లో ఎవరూ తవ్వని చోటి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టి. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు నీటిలో ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి జీవామృతమనే ద్రవ ఎరువు తయారుచేస్తూ, అందులో గుప్పెడు గట్టు మట్టి వేసేదీ ఇందుకే. కంటికి కనిపించని కోటానుకోట్ల ప్రాణులు ఆ గుప్పెట్లో ఉంటాయి. గిన్నె కదిలిస్తే పెరుగు సరిగా తోడుకోనట్టే, రోజూ అట్ట ఎత్తి చూస్తే మట్టి పని చెడుతుందని నాయనమ్మ నన్ను రెండుసార్లు కేకలేసింది. ఒక్కచోట మాత్రం నా పోలిక కుదరదు: పెరుగు నాలుగు రోజులకు పులిసిపోతుంది, మట్టి ఏళ్లు గడిచేకొద్దీ కమ్మనవుతుంది.

మీరూ చేయాలనుకుంటే అట్టపెట్టెలకున్న ప్లాస్టిక్ టేపు, పిన్నులు ముందు పీకేయాలి. ఒక అట్ట అంచు మీదికి రెండోది జానెడు ఎక్కేలా పరిచి బాగా తడపాలి. సందు ఉంటే గరిక అందులోంచే తల ఎత్తుతుంది. తుంగ అయితే సందు కోసం వెతకనైనా వెతకదు, నేల లోపలి గడ్డలోంచి సూదిలాంటి మొలకతో అట్టనే పొడుచుకుని వస్తుంది. దాన్ని ఇప్పటికీ గడ్డతో సహా తవ్వి తీస్తూనే ఉన్నాను.

మృగశిర కార్తె వానలకు అట్టలు నానాక, వాటికి రంధ్రాలు చేసి బెండ, గోంగూర, బొబ్బర్లు, గోడవారగా ఆనప (సొర), చిక్కుడు పెట్టాను. చిక్కుడు అనగానే నా నేరం ఒకటి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాయనమ్మ ఆషాఢంలో నూతి పక్కన చిక్కుడు పెట్టింది. తీగ పాక మీదంతా అల్లుకుంది గాని దసరా దాటినా ఒక్క పువ్వు లేదు. ఇది ఒట్టి సోమరి పాదు అని తీర్మానించి, ఒక మధ్యాహ్నం కొడవలితో మొదలంటా కోసేశాను. నాయనమ్మ ఒక్క మాట అనలేదు. రథసప్తమి నాడు సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం కట్టాలి, పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాలి కదా, వాటిని అడిగి తెమ్మని పక్కింటికి నన్నే పంపింది. ఆ పాతరకం చిక్కుడు రాత్రులు పొడుగయ్యేదాకా పూయదని ఆ రోజు పక్కింటివాళ్ల పాదు ముందు నిలబడి తెలుసుకున్నాను. దేని కాలం ఏదో అడగకుండా కొడవలి ఎత్తకండి.

కూరమొక్కలు వేస్తే అందం పోతుందని మీ అమ్మ బెంగ. బెండపువ్వును, గోంగూరపువ్వును, గేటు దగ్గరి మందారాన్ని పక్కపక్కన పెట్టి చూడమనండి, మూడింటికీ అవే అయిదు రేకులు, నడుమ అదే కేసరాల స్తంభం. పత్తి కూడా వీటి చుట్టమే. బాట వెంట బంతి నారు పోశాను. మధ్యలో ఎనిమిది అడుగుల చదరం గడ్డిని మాత్రం మీ బంతి కోసం ఉంచేశాను, అందుకు పది బిందెలు అక్కర్లేదు.

బొబ్బర మొక్కల్లో ఒకదాన్ని మీరు వచ్చాక వేళ్లతో సహా మెల్లగా పెకలించండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చిదిమితే లోపల ఏ రంగుందో చూసి, అది ఎందుకలా ఉందో నన్ను అడగండి.

దసరా సెలవులకు రాగానే, దీపాలు పెట్టే వేళ, లైటు వేయకుండా ఆనప పందిరి కింద నిలబడాలి. పొద్దంతా ముడుచుకుని ఉన్న మొగ్గలు అప్పుడే తెల్లగా విచ్చుకుంటాయి. కొన్నింటికి పొడవైన కాడ మాత్రమే ఉంటుంది, కొన్నింటి వెనక వేలెడంత కాయ ముందే సిద్ధంగా ఉంటుంది. లోకంలో ఇన్ని పూలు ఉదయం పూస్తుంటే ఇది ఈ మసక చీకటిలో ఎవరి కోసం తలుపు తీస్తుందో నేను చెప్పను. కదలకుండా పావుగంట నిలబడితే ఆ వచ్చేదెవరో మీకే కనిపిస్తుంది. దోమలుంటాయి, పొడుగుచేతుల చొక్కాలు తెచ్చుకోండి.

మీ తాతయ్య