గిటార్ పట్టిన ర్యాపర్లు: హిప్‌హాప్ అభిమానులు చీలిపోయిన చరిత్ర

పేరున్న ర్యాపర్ ఎవరైనా రాక్ ఆల్బమ్ చేస్తున్నానని ప్రకటిస్తే హిప్‌హాప్ అభిమానులు రెండు వర్గాలుగా విడిపోవడం చాలా ఏళ్లుగా జరుగుతున్నదే. ఒక వర్గం దాన్ని సాహసమంటుంది, కళాకారుడికి హద్దులు గీయకూడదంటుంది. మరో వర్గం దాన్ని తమను వదిలి వెళ్లిపోవడంగానే చూస్తుంది. 2010లో లిల్ వేన్ విషయంలోనూ, 2020లో మెషిన్ గన్ కెల్లీ విషయంలోనూ, 2023లో లిల్ యాటీ విషయంలోనూ ఈ వాదమే తిరిగి తిరిగి వచ్చింది. పైకి ఇది గిటార్ ధ్వని నచ్చేవారికీ నచ్చనివారికీ మధ్య తగవులా కనిపిస్తుంది గానీ, హిప్‌హాప్ పుట్టుక నుంచి చూసుకుంటూ వస్తే గిటార్ ఆ సంగీతానికి ఎన్నడూ పరాయి వస్తువు కాదని తెలుస్తుంది. ప్రాసలు కట్టి లయ మీద మాట నడిపించే ర్యాప్ విద్యను ఆ కళాకారుడు రాక్‌లోకి తనతో తీసుకువెళ్లాడా, లేక దాన్ని వదిలేసి వెళ్లాడా అన్న దగ్గరే అభిమానులు విడిపోయారని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో జరిగిన ఒక పార్టీని హిప్‌హాప్‌కు నాందిగా చెప్పుకుంటారు. అక్కడ రికార్డులు వాయించిన డీజే కూల్ హెర్క్, పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే కొద్దిపాటి భాగాన్ని పట్టుకుని, అదే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద మార్చి మార్చి వాయిస్తూ దాన్ని ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగదీసే పద్ధతిని రూపొందించాడు. నృత్యం చేసేవారికి కావలసింది ఆ భాగమే కనుక, అది ఫంక్ (నల్లజాతీయుల నృత్య సంగీతం) రికార్డులో ఉందా రాక్ రికార్డులో ఉందా అన్న పట్టింపు ఆనాటి డీజేలకు లేదు. పోటీ డీజేలకు ఆచూకీ దొరకకుండా హెర్క్ రికార్డుల మీది లేబుళ్లను తొలగించేవాడు. అందువల్ల ఆ డ్రమ్స్ ఏ బృందానివో తెలియకుండానే ఒక తరం పిల్లలు వాటి మీద ర్యాప్ చేస్తూ పెరిగారు. అంటే హిప్‌హాప్ మొదటి నుంచీ రాక్‌ను వాడుకుంది, కానీ అందులోని గాయకుడిని పక్కకు తప్పించి ఆ ఖాళీలో తన మాటను నిలబెట్టుకుంది. తరువాతి తగవులన్నిటినీ అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలా ముఖ్యం.

క్వీన్స్‌లోని హాలిస్ నుంచి వచ్చిన రన్ డీఎంసీ బృందం 1984లో తమ తొలి ఆల్బమ్‌లోని 'రాక్ బాక్స్' పాటలో ఎడీ మార్టినెజ్ చేత గట్టి గిటార్ వాయింపించింది. 1981లో మొదలైన మ్యూజిక్ వీడియోల చానల్ ఎంటీవీ నల్లజాతి కళాకారుల వీడియోలను చాలా తక్కువగా చూపుతోందన్న విమర్శను ఎదుర్కొంటున్న రోజులవి. అలాంటి చానల్లో చోటు సంపాదించిన తొలి ర్యాప్ వీడియోలలో ఇది ఒకటి. మరుసటి ఏడాది వచ్చిన 'కింగ్ ఆఫ్ రాక్' వీడియోలో ఈ బృందంలోని ఇద్దరు ర్యాపర్లు రన్, డీఎంసీ ఒక రాక్ మ్యూజియంలోకి వెళ్లబోతే కాపలాదారు అడ్డుకుంటాడు, వారు తోసుకుని లోపలికి పోతారు. ఆనాటికి అది కల్పన. 2009లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆ బృందాన్ని నిజంగానే లోపలికి ఆహ్వానించింది.

1986లో నిర్మాత రిక్ రూబిన్, ఏరోస్మిత్ అనే తెల్లజాతి రాక్ బృందం 1975లో చేసిన 'వాక్ దిస్ వే'ను రన్ డీఎంసీ చేత మళ్లీ చేయించాలనుకున్నాడు. ఆ పాట తొలి డ్రమ్స్ మీద రన్, డీఎంసీ చిన్నప్పటి నుంచీ ర్యాప్ చేస్తున్నవారే గానీ, ఆ డ్రమ్స్ తరువాత వచ్చే పాట వారికి తెలియదు. సాహిత్యం విన్నాక, ఆ మాటలు తమ నోట పలకడానికి వారు గట్టిగా నిరాకరించారు. చివరికి ఒప్పుకున్నారు. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ కలిసి పాల్గొన్న ఆ రికార్డు అమెరికా పాటల ఆదరణ పట్టిక అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో 4వ స్థానానికి చేరింది. ఏరోస్మిత్ సొంత రికార్డు 1977లో అందుకున్న స్థానం 10. పతనావస్థలో ఉన్న ఏరోస్మిత్‌కు అది పునర్జన్మ అయింది, హిప్‌హాప్‌కు తెల్లజాతి శ్రోతల లోకం తెరుచుకుంది. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, ఈ రికార్డులో రన్ డీఎంసీ గొంతెత్తి పాడలేదు, పల్లవి టైలర్‌కు వదిలి చరణాలను తమ పద్ధతిలోనే, ఒకరి మాటను మరొకరు అందుకుంటూ ర్యాప్ చేశారు. రాక్ వారి దగ్గరకు వచ్చిందే తప్ప వారు తమ చోటు వదల్లేదు. ఆ రికార్డు హిప్‌హాప్ లోపల లోతైన చీలిక తేకపోవడానికి ఇదే ముఖ్య కారణమని చెప్పవచ్చు. 1991లో ఆంత్రాక్స్ అనే మెటల్ (మరింత గట్టి, బరువైన రాక్) బృందంతో కలిసి ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ తమ 'బ్రింగ్ ద నాయిజ్'ను మళ్లీ చేసినప్పుడూ ఆ ర్యాప్ బృందపు చక్ డీ గొంతు చక్ డీదిగానే ఉంది.

ఆ కాలంలోనే మరో వాదం బలపడింది. రాక్ అండ్ రోల్‌కు ప్రాణం పోసినవారిలో సిస్టర్ రొసెట్టా థార్ప్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతీయులు ముందువరుసలో ఉన్నారు. అయినా 1980ల నాటికి రికార్డు కంపెనీలకూ రేడియోకూ రాక్ అంటే తెల్లవారి సంగీతం. గిటార్ పట్టిన నల్లజాతి బృందానికి ఒప్పందం దొరకడమే కష్టమైన ఆ స్థితిని ఎదిరించడానికి గిటారిస్టు వెర్నన్ రీడ్, విమర్శకుడు గ్రెగ్ టేట్ తదితరులు 1985లో న్యూయార్క్‌లో బ్లాక్ రాక్ కోఅలిషన్‌ను స్థాపించారు. కనుక నల్లజాతి ర్యాపర్ రాక్ వైపు నడిచినప్పుడు అతడు పరాయి సొత్తు మీదికి పోతున్నాడనడం చరిత్రకే విరుద్ధం. ర్యాపర్ ఐస్ టీ ఈ మాటను 1991 నాటి తన ర్యాప్ ఆల్బమ్‌లోనే సూటిగా చెప్పి, లాస్ ఏంజెలిస్‌లోని తన హైస్కూలు మిత్రుడు ఎర్నీ సీతో కలిసి పెట్టిన మెటల్ బృందం బాడీ కౌంట్‌ను శ్రోతలకు పరిచయం చేశాడు. ఆ ఏడాది పలు నగరాలు తిరిగే లొలపలూజా సంగీతోత్సవ యాత్రలో ఒకే ప్రదర్శనలో కొంతసేపు ర్యాప్, కొంతసేపు బాడీ కౌంట్ వినిపించాడు.

1992లో ఆ బృందం పాట 'కాప్ కిల్లర్' (పోలీసును చంపేవాడు) మీద అమెరికా అంతటా పెద్ద దుమారం రేగింది. పోలీసు సంఘాలు ఆ రికార్డు వెనుక ఉన్న టైమ్ వార్నర్ సంస్థ ఉత్పత్తులను బహిష్కరించాలన్నాయి, ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఖండించాడు, ఆ జులైలో ఐస్ టీ పాటను ఆల్బమ్ నుంచి ఉపసంహరించుకున్నాడు. అది రాక్ పాట అని ఆయన ఎంత చెప్పినా విమర్శకులు దాన్ని ర్యాప్ పాటగానే చర్చించారు. పాడినవాడి రంగును బట్టి, అతడి పాత వృత్తిని బట్టి సంగీతానికి పేరు పెట్టడం ఎంత అన్యాయమో చూపించే సందర్భం ఇంతకన్నా మరొకటి కనిపించదు. అయితే హిప్‌హాప్ అభిమానుల వైపు నుంచి మాత్రం ఐస్ టీ మీద 'వదిలి వెళ్లాడ'న్న నింద నిలవలేదు. బృందానికి వేరే పేరు పెట్టాడు, ర్యాప్ ఆల్బమ్‌లను ఆ తరువాత కూడా కొనసాగించాడు, ఏ రికార్డు ఏ కోవకు చెందుతుందో ముందే చెప్పాడు. బాడీ కౌంట్ 2021లో మెటల్ విభాగంలో గ్రామీ అందుకుంది.

1990ల చివర లింప్ బిజ్‌కిట్, కార్న్ వంటి బృందాలు ర్యాప్‌నూ మెటల్‌నూ కలిపి విపరీతంగా అమ్ముడుపోయాయి. అది ఎక్కువగా రాక్ వైపు నుంచి ర్యాప్ వైపు జరిగిన ప్రయాణం కనుక ఇక్కడ దాని జోలికి పోనక్కరలేదు. హిప్‌హాప్ వైపు నుంచి బయలుదేరిన మోస్ డెఫ్ 1999లో రాక్ మూలాల గురించి ఒక పాటలోనే వాదించి, 2004లో 'ద న్యూ డేంజర్' ఆల్బమ్‌లో నల్లజాతి రాక్ వాద్యకారులతో ఏర్పరచిన సొంత బృందంతో ఆ వాదాన్ని ఆచరణలో పెట్టాడు. ఆయన ఉద్దేశాన్ని గౌరవించినవారిలో కూడా చాలామంది ఆయన ర్యాప్ తగ్గిందని చింతించారు.

తగవు పూర్తి రూపం దాల్చింది లిల్ వేన్‌తోనే. 2008 జూన్‌లో వచ్చిన 'ద కార్టర్ 3' అమెరికాలో మొదటి వారంలోనే 10 లక్షల ప్రతులు దాటింది. అప్పటికి ఆయన ఏ బీట్ దొరికితే ఆ బీట్ మీద, కాగితం మీద రాసుకోకుండా, వింత పోలికలతో ప్రాసలు అల్లుకుంటూ పోయే ర్యాపర్‌గా శిఖరాన ఉన్నాడు. సరిగ్గా ఆ సమయంలో, 2009 జనవరిలో, 'ప్రామ్ క్వీన్' అనే రాక్ పాట విడుదల చేశాడు. 'రీబర్త్' ఆల్బమ్ పలుమార్లు వాయిదాపడి 2010 ఫిబ్రవరి 2న వచ్చింది. అందులో వేన్ చాలాచోట్ల ర్యాప్ చేయడు. గొంతు శ్రుతిని యంత్రంతో మార్చే ఆటోట్యూన్‌లో నానిన గొంతుతో, ముతక గిటార్ల మధ్య, పాడుతూ అరుస్తూ ఉంటాడు. ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 2వ స్థానంలో మొదలైంది గానీ విమర్శకులలో అధికులు దాన్ని తీసిపారేశారు. అభిమానులకు అంతకంటే ఎక్కువ నొప్పి కలిగించిన విషయం మరొకటి ఉంది. 2009 అక్టోబరులో ఆయన ఉచితంగా వదిలిన 'నో సీలింగ్స్' మిక్స్‌టేప్‌లో పాత వేన్ పూర్తి బలంతో ఉన్నాడు. అది చేతిలో ఉండగా 'రీబర్త్' విన్నవారికి, చేతకాక కాదు, కావాలనే విద్యను పక్కన పెట్టాడన్న భావన కలిగింది. ఆ ఆల్బమ్‌లో అందరూ ఒప్పుకున్న పాట ఎమినెమ్‌తో చేసిన 'డ్రాప్ ద వరల్డ్'. అందులో ఇద్దరూ ర్యాప్ చేశారు.

అయినా 'రీబర్త్' పక్షాన చెప్పవలసిన మాట ఉంది. దాన్ని వెక్కిరించినవారు గమనించని శ్రోతలు కొందరు ఆ రోజుల్లో బడి పిల్లలు. రాక్, ర్యాప్ మధ్య గీతలను పట్టించుకోకుండా రెంటినీ ఒకే ఫోనులో విన్న ఆ తరం నుంచే 2016, 2017 ప్రాంతాల్లో లిల్ పీప్, ట్రిపీ రెడ్ వంటివారు వచ్చి, విషాద రాక్ గిటార్ మీద సగం పాట, సగం ర్యాప్‌గా సాగే శైలిని నిలబెట్టారు. ఆల్బమ్‌గా ఓడిపోయిన వేన్ ప్రయోగం, తరువాతివారికి దొరికిన అనుమతిగా గెలిచిందనడం అతిశయోక్తి కాదు. ర్యాపర్ కిడ్ కడీ దారి కూడా ఇలాంటిదే. 2015 డిసెంబరులో ఆయన విడుదల చేసిన 'స్పీడిన్ బుల్లెట్ టు హెవెన్' ర్యాప్‌ను దాదాపు పూర్తిగా విడిచిన గ్రంజ్ (ముతక గిటార్ల విషాద రాక్) ఆల్బమ్. ఆయన్ను ప్రాణంగా ప్రేమించే అభిమానులలో కూడా అనేకులు దాన్ని మోయలేకపోయారు. మరుసటి ఏడాదే ఆయన తన పాత బాణీకి తిరిగి వచ్చాడు.

2017లో పరిస్థితి తలకిందులైంది. అమెరికాలో ఆ ఏడాది మొత్తం సంగీత వినియోగంలో ఆర్ అండ్ బీ (నల్లజాతీయుల జనప్రియ గాన సంగీతం), హిప్‌హాప్ కలిసి రాక్‌ను మొదటిసారి దాటాయని నీల్సన్ సంస్థ లెక్కతేల్చింది. అంతకుముందు రాక్ వైపు వెళ్లిన ర్యాపర్ మీద పెద్ద మార్కెట్ కోసం అమ్ముడుపోయాడన్న నింద వేయడం సులువుగా ఉండేది. ఇప్పుడు పెద్ద మార్కెట్ హిప్‌హాప్‌దే. మెషిన్ గన్ కెల్లీ కథ ఈ కొత్త కాలానికి చెందింది. క్లీవ్‌లాండ్ ర్యాపర్‌గా పేరు తెచ్చుకున్న కెల్లీ 2018లో ఎమినెమ్ మీద 'ర్యాప్ డెవిల్' అనే దూషణ పాట విడుదల చేయగా, కొద్దిరోజుల్లోనే ఎమినెమ్ 'కిల్‌షాట్'తో బదులిచ్చాడు. ఆ పోరులో కెల్లీ ఓడాడని ఎక్కువమంది తీర్పు చెప్పారు. 2020 సెప్టెంబరులో రాక్ బృందం బ్లింక్ 182 డ్రమ్మర్ ట్రావిస్ బార్కర్ నిర్మాతగా 'టికెట్స్ టు మై డౌన్‌ఫాల్' అనే పాప్ పంక్ (వేగంగా, హుషారుగా సాగే రాక్) ఆల్బమ్ తెచ్చినప్పుడు, ఎమినెమ్ దెబ్బకు ర్యాప్ వదిలి పారిపోయాడన్న మాట వెంటనే పుట్టింది. కెల్లీ 2019 నాటి ర్యాప్ ఆల్బమ్‌లోనే బార్కర్‌తో ఒక రాక్ పాట ఉందని ఆ మాట అన్నవారు పట్టించుకోలేదు. బిల్‌బోర్డ్ 200లో ఆ ఆల్బమ్ మొదటి స్థానంలో నిలిచింది. కెల్లీకి అది తొలి అగ్రస్థానం. అయినా ఒక విషయంలో ఆ అభిమానుల అసంతృప్తిని కొట్టిపారేయలేం. 1990లో ర్యాప్ ఆల్బమ్‌తో మొదలుపెట్టి తరువాత రాక్‌లో స్థిరపడిన కిడ్ రాక్‌ను చూసినవారికి, తెల్లజాతి కళాకారుడు హిప్‌హాప్‌ను మెట్టుగా వాడుకుని పైకి పోవచ్చునన్న అనుమానం ఊరికే రాలేదు. ఐస్ టీ విషయంలో రాక్ రేడియో చూపని సుముఖత కెల్లీ విషయంలో వెంటనే చూపింది.

లిల్ యాటీ విషయంలో చీలిక మరో రకంగా వచ్చింది. 2016లో యువకుడిగా ప్రవేశించినప్పుడు పాత తరం అభిమానులు ఆయన్ను ర్యాప్ రాని వాడిగా, పూర్వుల పట్ల గౌరవం లేని వాడిగా తీసిపారేశారు. 2023 జనవరి 27న 'లెట్స్ స్టార్ట్ హియర్' వచ్చింది. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ప్రభావం స్పష్టంగా వినిపించే, కలలా సాగే సైకెడెలిక్ రాక్ అది. తనను ఒక్క హిట్ కొట్టిన ర్యాపర్‌గా గాక నిజమైన కళాకారుడిగా పరిగణించాలన్న కోరిక దీని వెనుక ఉందని యాటీ చెప్పాడు. ఇంతకాలం ఆయన్ను పట్టించుకోని రాక్ శ్రోతలు ఆల్బమ్‌ను మెచ్చుకున్నారు, రాక్, ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌ల చార్టులో అది మొదటి స్థానం పొందింది. హిప్‌హాప్ అభిమానులలో ఒక వర్గానికి కష్టం తోచింది సంగీతం విని కాదు, ఆ మెప్పు విని. గిటార్ పడితేనే కళాకారుడని ఒప్పుకునే లోకం, ప్రాసల్లో పెట్టిన శ్రమను కళగా లెక్కవేయడం లేదని వారి బాధ. యాటీ మాట కూడా, ఆయన ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ఆ లెక్కను ఒప్పుకున్నట్టే ధ్వనించింది.

అదే 2023, హిప్‌హాప్ 50వ ఏడు. సగం ఏడాది గడిచినా బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి ఒక్క ర్యాప్ ఆల్బమ్ కూడా చేరలేదు. ఆ కరువు తీర్చింది జూన్ 30న వచ్చిన ర్యాపర్ లిల్ ఊజీ వర్ట్ ఆల్బమ్ 'పింక్ టేప్'. అందులో బ్రింగ్ మీ ద హొరైజన్, బేబీమెటల్ వంటి రాక్, మెటల్ బృందాలు పాల్గొన్నాయి, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ పాట 'చాప్ సూయీ'ని ఊజీ దాదాపు ఉన్నదున్నట్టుగా మళ్లీ పాడాడు. ఊజీ ర్యాప్ చేసిన పాటల మీద పెద్దగా తగవు లేదు. వాదం ఎక్కువగా ఆ పాట మీదే సాగింది.